అరవై నాలుగు బిట్ల అనుమానం

తూకం వేయకుండా ఒక్క దారం కోనునైనా మాధవీలత తన షెడ్డులోకి రానివ్వదు. హిందీ మాట్లాడే ఊళ్లో, సిర్గిట్టి అనే ఫ్యాక్టరీల పేటలో రేకుల కప్పు కింద రెండు ఎంబ్రాయిడరీ మెషిన్లు పెట్టుకుని స్కూళ్లకీ, సెక్యూరిటీ ఏజెన్సీలకీ బ్యాడ్జీలు కుట్టించి ఇచ్చే పని ఆమెది. తలుపు పక్కనే చిన్న కాటా. దారం తెచ్చినవాడు “దీదీ, కంపెనీ మాల్” అని నవ్వితే ఆమె కూడా నవ్వి, కోను తీసుకుని కాటా మీద పెడుతుంది. ఎప్పుడో రెండు మూడు సార్లు తక్కువ తూగింది. మిగతా అన్నిసార్లూ సరిగ్గానే తూగింది. ఆమెకు గుర్తుండిపోయినవి మాత్రం ఆ రెండు మూడు సార్లే.

అలాంటి మనిషి షెడ్డులోకి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిందంటే అది చెల్లెలి మొగుడు గిరిబాబు చలవే. గిరిబాబు ఒక కరెంటు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. రెండేళ్ల కిందట ఆమె కంప్యూటర్ వైరస్ పట్టి డిజైన్లన్నీ మింగేస్తే, అతనే వచ్చి పాతదంతా తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించాడు.

“దీనికి డబ్బులక్కర్లేదు వదినా. ప్రపంచంలో ఎందరో కలిసి రాసి అందరికీ ఇచ్చేశారు. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.”

“ఊరికే ఎవడిస్తాడు గిరీ? ఇచ్చినోడు మన దగ్గర ఏటి పట్టుకెళ్తాడు?”

“ఏమీ పట్టుకెళ్లడు.”

ఆమె నమ్మలేదు. కానీ సిస్టమ్ నడిచింది. బ్యాడ్జీ బొమ్మ కంప్యూటర్లో గీసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి మెషిన్‌కి తగిలిస్తే కుట్టు సాఫీగా పడింది. రెండేళ్లలో ఒక్క బిల్లు రాలేదు. వస్తుందేమోనని ఆమె చూస్తూనే ఉంది.

వేసవి సెలవులు ముగిసే వేళకి, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ మళ్లీ వెలగలేదు. తోర్వా వైపు స్కూలు ఒకటి బడి తెరిచేలోగా బ్యాడ్జీలన్నీ కావాలంది. గిరిబాబు ఆఫీసు పని మీద కోర్బా వెళ్లి ఉన్నాడు. మాధవీలత భర్త రమణమూర్తి గూడ్సు గార్డు. ఆ రోజు అతనికి రెస్టు. తనే పెట్టెని స్కూటర్ మీద పెట్టుకుని గోల్ బజార్‌లో సాహూ అనే రిపేరు అతని దగ్గరికి తీసుకెళ్లాడు. మర్నాడు తిరిగి తెచ్చాడు.

“ఏటైందంట?”

“పవర్ సప్లై పోయింది. మార్చాడు.”

పెట్టె అదే. మూత మీద ఎప్పుడో అంటించిన పువ్వు బొమ్మ కూడా అలాగే ఉంది. స్విచ్ వేస్తే స్క్రీన్ వెలిగింది. కానీ సిస్టమ్ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరుసలు కనబడి అక్కడే నిలిచిపోయాయి.

కోర్బా నుంచి రాగానే గిరిబాబు వచ్చాడు. తెర చదివి కనుబొమలు ముడిచాడు. మళ్లీ చదివాడు.

“అజీబ్ హై, వింతగా ఉంది. వదినా, ఇది ఏమంటోందంటే, నాకు అరవై నాలుగు బిట్ల ప్రాసెసర్ కావాలి, ఇక్కడున్నది ముప్పై రెండు బిట్లది, నేను లేవను అంటోంది.”

“మొన్నటి దాకా లేచిందేటి మరి?”

“అదే నాకూ అర్థం కావట్లేదు. పాతకాలం ప్రాసెసర్లు ముప్పై రెండు బిట్లవి, తరవాత వచ్చినవి అరవై నాలుగు. నేను ఎక్కించింది అరవై నాలుగుదే. బ్రాడ్ గేజ్ బండి నారో గేజ్ పట్టాల మీదికి ఎక్కదు కదా, అలాగే ఇదీ. నేను ఎక్కించిన రోజు లోపలున్నది ఈ ప్రాసెసర్ కాదు.”

గుమ్మం దగ్గర నిలబడ్డ రమణమూర్తి ఫోన్ తీసి చూసుకుని, “డ్యూటీ కాల్ వచ్చేలా ఉంది, నేనెళ్తా” అన్నాడు. వెళ్లిపోయాడు.

మాధవీలత బుర్రలో రెండు సంగతులు పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. కిందటి నెల ఒక ఆదివారం ఆమె బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు గిరిబాబు ఒక్కడే వచ్చి, మెషిన్ నడిపే అచ్చియమ్మ దగ్గర తాళం తీసుకుని, ఏదో అప్‌డేట్ చేసి వెళ్లాడు. ఆ తరవాత వారానికి చెల్లెలు జ్యోతిర్మయి ఫోన్లో కూతురి గురించి సంబరంగా చెప్పింది: “అక్కా, లాస్యకి మీ మరిది కంప్యూటర్ తయారు చేసేశాడు. పార్టులన్నీ విడివిడిగా సంపాదించి.” ఎక్కణ్నుంచి సంపాదించాడో ఆమె చెప్పలేదు. మాధవీలత అప్పుడు అడగనూ లేదు. ఆ ఆదివారం తరవాత కూడా పెట్టె నడుస్తూనే ఉందన్న మూడో సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

ఇప్పుడు అడిగింది.

“గిరీ, లాస్య కంప్యూటర్లో పెట్టిన ప్రాసెసర్ ఎన్ని బిట్లది?”

“అరవై నాలుగు. ఎందుకు?”

“ఎక్కడిది?”

అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక అతని ముఖం చూసి అచ్చియమ్మ మెషిన్ ఆపేసింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మాధవీలత గొంతు ఆమె అనుకున్నదాని కన్నా పెద్దగా వినబడింది.

“మా పెట్టెలోది తీసి దాన్లో పెట్టలేదు కదా?”

గిరిబాబు లేచాడు. బల్ల మీది తన పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. బండి స్టార్ట్ అయిన చప్పుడు, గేటు దాటిన చప్పుడు లోపలికి వినబడ్డాయి.

సాయంత్రం జ్యోతిర్మయి ఫోన్ చేసింది. “అక్కా, ఇంటికి రా” అంది. అంతే.

మాధవీలత వెళ్లింది. ముందు గదిలో లాస్య కంప్యూటర్ పక్క మూత విప్పేసి, లోపలి వైర్లూ బోర్డూ కనబడేలా బల్ల మీద పెట్టి ఉంది. లాస్య పక్కనే నిలబడి ఉంది. పదో తరగతి పిల్ల. ఎందుకు విప్పారో తెలిసిన ముఖం.

“చూసుకో,” అంది జ్యోతిర్మయి. “నీదేదో గుర్తుపట్టి తీసుకెళ్లు.”

మాధవీలత వంగి చూసింది. ఆకుపచ్చ బోర్డు, దాని మీద ఫ్యాను, దుమ్ము. ప్రాసెసర్ అంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఫ్యాను కింద ఉంటుందట. దారమైతే వేలితో రాసి చూస్తే కల్తీ తెలిసిపోతుంది. ఇక్కడ దేన్ని రాసి చూడాలి? లాస్య తెర మీద ప్రాసెసర్ పేరు తెచ్చి చూపించింది. ఏవో అక్షరాలు, అంకెలు.

“పెద్దమ్మా, యే దేఖో. నీదానిలో ఏ నంబర్ ఉండేది?”

తన దాంట్లో ఏ నంబరుండేదో మాధవీలతకి ఎప్పుడూ తెలియదు. అడగాలనీ తోచలేదు. రెండేళ్లు అన్నిటినీ కాటా మీద పెట్టి చూసిన మనిషి ఆ పెట్టెని ఒక్కసారీ విప్పించి చూడలేదు.

“నేనేటో అడిగానంతే,” అంది.

“అడగలేదక్కా, అన్నావు.” జ్యోతిర్మయి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. లోపలి గదిలో గిరిబాబు ఉన్న అలికిడి వినబడుతూనే ఉంది. బయటికి రాలేదు.

ఆ రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రమణమూర్తికి ఆమె అంతా చెప్పింది. అతను చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. “పోనీలేవే, వదిలెయ్. కొత్త పెట్టె కొనుక్కుందాం” అన్నాడు. తువ్వాలుతో తుడుచుకుని అటు తిరిగి పడుకున్నాడు.

వదిలెయ్ అన్న మాట దగ్గర మాధవీలత ఆగిపోయింది. ఎవరైనా ఏదైనా వదిలెయ్యమన్నారంటే అక్కడే ఏదో ఉందని ఆమె నమ్మకం. ఆ పెట్టెని చివరిగా విప్పింది గిరిబాబు కాదు, సాహూ. మొగుడు పొద్దున్నే డ్యూటీకి వెళ్లగానే ఆటో పిలిచి, పెట్టె ఒళ్లో పెట్టుకుని గోల్ బజార్‌కి బయల్దేరింది. దారి పొడుగునా సాహూని ఎలా నిలదీయాలో వరసగా కూర్చుకుంది.

వాటిలో ఒక్క మాటా అవసరపడలేదు.

“భాయ్, ఇందులో ప్రాసెసర్ ఎవరు మార్చారు?” అని ఆమె హిందీలో అడగ్గానే, సాహూ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, “నేనే మార్చాను దీదీ” అన్నాడు. “బోర్డే కాలిపోయింది కదా. ప్రాసెసర్ కూడా దాంతోనే పోయింది. భయ్యాకి చెప్పాను, సరైనది వెయ్యాలంటే ఖర్చవుతుంది అని. ఆయనే అన్నారు, పాతది ఏదైనా పడేసి వెలిగేలా చెయ్యి చాలు, ఇంట్లో చెప్పలేను అని. మీకు తెలీదా?”

సాహూ మూత విప్పి చూపించాడు. హార్డ్ డిస్క్ మాత్రం ఆమెదే, చెక్కుచెదరలేదు, డిజైన్లన్నీ దాంట్లో భద్రం. తక్కినదంతా తుక్కులోంచి తీసిన పాత బోర్డు. “స్క్రీన్ వెలిగింది, భయ్యా తీసుకెళ్లిపోయారు. లోపల ఏ సిస్టమ్ ఉందో నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ముప్పై రెండు వేసేవాణ్ని కాదు కదా.”

ఆ సాయంత్రం రమణమూర్తి బూట్లు విప్పుకుంటుండగా ఆమె పెట్టె తెచ్చి అతని ఎదురుగా పెట్టింది.

“సాహూ చెప్పాడు.”

అతను రెండో బూటు లేసు విప్పుతూనే ఉన్నాడు.

“కాలిపోయిందని చెప్తే ఏటయ్యేది?”

“ఏటయ్యేదా? ‘ఎంతడిగాడు, అంతెందుకు, మీకెంత మిగిలింది’ అనేదానివి. మర్నాడు సాహూ దగ్గరికెళ్లి మళ్లీ అడిగేదానివి. ఇరవై రెండేళ్లుగా చూత్తన్నాను. టమాటాలు నలభైకి తెస్తే నీకు ముప్పై అనే చెప్తాను, ఇంట్లో గొడవెందుకని. చీపురు కట్ట దగ్గర్నుంచి అంతే. నిజం చెప్పినా నీ కాటా మీద తక్కువే తూగుతుంది కదే!”

మాధవీలత మంచం అంచున కూర్చుంది. బజార్లో ఏది ఎంతో తనకు తెలిసినట్టు మరెవరికీ తెలియదని ఆమె గర్వం. పొరుగింటి వాళ్లకి రేట్లు చెప్పేది కూడా ఆమే. ఆ రేట్లన్నీ ఈయన కల్పించినవా? మోసపోవడం కన్నా, ఇన్నేళ్లు ఇంత మెత్తగా మోసపోవడం ఆమెకు ఎక్కువ తగిలింది.

అక్కణ్నుంచే అడిగింది: “సరే, నాకు జడిశారు. గిరిబాబుని నేనంత మాటన్నానని చెప్తే నోట్లో ఏటి పెట్టుకున్నారు?”

రమణమూర్తి బూట్లు మంచం కిందికి తోశాడు. “చెప్దామనే అనుకున్నాను,” అన్నాడు. “రెండో రోజుకి చెప్పడం మరీ కష్టమైపోయింది.”

ఇద్దరూ కలిసే జ్యోతిర్మయి క్వార్టర్‌కి వెళ్లారు. రమణమూర్తి గుమ్మంలోనే జరిగింది చెప్పేశాడు. మాధవీలత, “గిరీ, తప్పు మాటన్నాను. మనసులో పెట్టుకోకు” అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో చెల్లెలికి తెలుసు. అయినా జ్యోతిర్మయి ముఖం విప్పుకోలేదు. గిరిబాబు మాత్రం, “అచ్ఛా, అయిపోయింది కదా వదినా. కూచోండి” అన్నాడు.

పని మాట వచ్చింది. ఆ ముప్పై రెండు బిట్ల పెట్టెకి సరిపోయే ఉచిత సిస్టమ్ ఏదీ లేదా అని ఆమె అడిగింది. ఒకటి రెండు ఇంకా ఉన్నాయి కానీ, ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ కొత్తది వాటికి దొరకదన్నాడు గిరిబాబు. సెకండ్ హ్యాండ్‌లోనే వేరే పెట్టె చూసుకోవాలి. అరవై నాలుగు బిట్లయితే చాలనుకోవద్దు, వాటిలోనూ మరీ మొదటివి వద్దు. కొన్ని సిస్టమ్‌లు ఇప్పటికే పాత అరవై నాలుగులని కూడా వద్దంటున్నాయి. మెమరీ ఎనిమిది జీబీ ఉంటే మంచిది.

“నువ్వొచ్చి చూసి తీసిపెట్టు, గిరీ.”

“నేను రాను వదినా.” నెమ్మదిగానే అన్నాడు. “నేనొచ్చి ఒకటి చూపిస్తే, ఆ షాపు వాడితో నాకేదో ఉందని రేపెప్పుడైనా అనిపిస్తుంది మీకు. మీరే కొనండి.” లోపలికెళ్లి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చాడు. “ఇది తగిలించి ఆన్ చెయ్యమనండి. డిస్క్ మీద ఏమీ ఎక్కించకుండానే సిస్టమ్ దీన్నుంచి నడుస్తుంది. ప్రాసెసర్ అసలు పేరు తెర మీదికొస్తుంది. పైన అంటించిన స్టిక్కర్‌ని నమ్మక్కర్లేదు, నన్నూ నమ్మక్కర్లేదు.”

మర్నాడు ఆమె, రమణమూర్తి గోల్ బజార్ అంతా తిరిగారు. మొదటి షాపులో స్టిక్కర్ మీద ఒక పేరు, తెర మీద అంతకన్నా పాత పేరు కనిపించాయి. షాపు అతను పెన్‌డ్రైవ్ చెడిపోయి ఉంటుందన్నాడు. ఆమె మాట్లాడకుండా బయటికొచ్చింది. మూడో షాపులో చెప్పినదీ కనబడినదీ ఒకటే అయ్యాయి. ఆ షాపు అతను ఆమె పాత డిస్క్ కూడా తగిలించి చూపించాడు. తన సిస్టమ్, తన డిజైన్లు, స్కూలు బ్యాడ్జీ మీది దీపం బొమ్మ తెర మీదికి వచ్చాయి. ఇంకా ఏదో లోపం ఉండే ఉంటుందని ఆమె చాలాసేపు వెతికింది. ఏమీ దొరకలేదు. అది ఆమెకు కొంచెం ఇబ్బందిగా కూడా అనిపించింది.

బ్యాడ్జీలు బడి తెరిచిన తరవాతే అందాయి. స్కూలు వాళ్లు సణిగి తీసుకున్నారు.

గిరిబాబు మళ్లీ ఆదివారాలు వస్తున్నాడు. జ్యోతిర్మయి మాత్రం ఇంకా షెడ్డుకి రావడం లేదు. గిరిబాబు వచ్చినా, వదిన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటేనే కీబోర్డు ముట్టుకుంటాడు. ఏ మీట ఎందుకు నొక్కుతున్నాడో నొక్కే ముందు చెప్తాడు. “అక్కర్లేదు గిరీ, నువ్వు చేసుకో” అని ఆమె ఎంత చెప్పినా వినడు. నవ్వుతూనే ఉంటాడు గానీ వినడు.

మొన్న ఆదివారం అప్‌డేట్ మధ్యలో ఉండగా మెషిన్‌లో దారం తెగింది. అచ్చియమ్మ కేకేసింది. మాధవీలత లేచి వెళ్లి, దారం ఎక్కించి, కుట్టు సరిచూసి, రెండో మెషిన్‌కి కూడా ఏదో అవసరమైతే అది చూసి వచ్చేసరికి గిరిబాబు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. తెర మీద కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న అలాగే ఉంది.

“నొక్కేయాల్సింది కదా,” అంది ఆమె.

“మీరు రావాలి కదా వదినా,” అన్నాడు.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అప్పుడు నొక్కాడు. అరగంట పని సాయంత్రం దాకా సాగింది.