కుడిచేతి గోడ పక్కన

ఆదివారం ఆరాధన కాగానే ఫలక్‌నుమా ఆడపిల్లలు గాజులు కొనడానికో, ఐస్‌క్రీముకో గుంపుగా పోతారు. షారోన్ మాత్రం సమాధుల తోటకు పోతుంది.

"బతికున్న పిలగాండ్లను చూడవే అంటే తలకాయ దించుకుంటది. సచ్చిన దొరలను మాత్రం వంగి వంగి ఫోటోలు తీస్తది" అని అమ్మమ్మ కృష్ణమ్మ వాడంతా చెప్పి నవ్వించేది.

షారోన్ నవ్వి ఊరుకునేది. వికారాబాద్ దగ్గర పల్లెలో చదువు ముగించుకుని, అమ్మమ్మ ఇంట్లో ఉంటూ స్టేషను దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తోంది. పొద్దంతా గిరాకీల లొల్లి. వారానికొక మధ్యాహ్నం ఎవరూ గొంతెత్తని చోట గడపాలని మొదట్లో తోటకు వెళ్ళింది. అక్కడి రాళ్ళ మీది పేర్లు చదివేది. తర్వాత ఫోనులో ఒక పేజీ దొరికింది. ఎక్కడెక్కడి వాళ్ళో తమ పూర్వీకులను వెతుక్కుంటూ, ఒకరికొకరు సాయపడే పేజీ అది. ఎవరి ఊళ్ళోని సమాధుల ఫోటోలు వాళ్ళు తీసి పెడతారు. ఎవరో ఒకరికి అందులో ముత్తాత దొరుకుతాడు.

ఆ పేజీలోనే హెలెన్ పరిచయమైంది. ఐర్లండులో రిటైరైన టీచరమ్మ. షారోన్ ఇంగ్లీషు అంతంతమాత్రం. హెలెన్ చిన్న చిన్న వాక్యాలు రాసేది. అర్థం కానివి ఫోనే తెలుగు చేసేది.

హెలెన్ పూర్వీకులు ఫ్రాన్సు దేశపు హ్యూగెనాట్లట. మూడువందల ఏళ్ళ కిందట అక్కడి రాజు, తన మతం కాని క్రైస్తవులు తన రాజ్యంలో ఉండరాదన్నాడు. అప్పుడు చర్చిలు కూలిపోయినవాళ్ళు, సారా పీపాల్లో దాక్కుని ఓడలెక్కి పారిపోయినవాళ్ళు వీళ్ళు. కొందరు హాలెండుకు, కొందరు ఇంగ్లండుకు, ఐర్లండుకు చేరారు. మగ్గాలు నేసేవాళ్ళు మగ్గాలు పెట్టారు. గడియారాలు చేసేవాళ్ళు గడియారాలు చేశారు. హెలెన్‌ది గడియారాల శాబో వంశం.

ఆ వంశవృక్షాన్ని ఒక్కరు కట్టలేదు. ఒక కొమ్మను హాలెండులో పాల వ్యాపారి అతికించాడు. ఇంకో కొమ్మను ఆఫ్రికాలో ఒక నర్సమ్మ నిలబెట్టింది. మద్రాసుదాకా వచ్చిన కొమ్మ మాత్రం అక్కడే తెగిపోయింది. పీటర్ శాబో అనే ఆయన నవాబుల గడియారాలు బాగుచేయడానికి మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చాడు, ఇక్కడే చనిపోయాడు. ఆయన పేరు పక్కన పెద్ద ప్రశ్న గుర్తు ఉంది.

"ఫ్రాన్సులో మా వాళ్ళకు ఊరి శ్మశానంలో చోటిచ్చేవారు కాదు" అని రాసింది హెలెన్. "పెరట్లో, తోటలో ఎవరికీ తెలియకుండా పూడ్చుకునేవాళ్ళు. అందుకే మాకు వెళ్ళి నిలబడేందుకు సమాధులు తక్కువ. పీటర్‌ది మాత్రం ఉండాలి. తలరాయి మీద గడియారం బొమ్మ చెక్కించారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. గుండ్రంగా ఉంటుందట. నీకెక్కడైనా కనిపించిందా?"

షారోన్ ఆ మాటలు రెండుసార్లు చదివి ఫోను బోర్లించి పెట్టింది. కనిపించడం కాదు, ఆమె ప్రతి ఏడూ తన చేత్తో దానికి సున్నం వేసింది.

తోట గేటు దాటగానే కుడిచేతి గోడ పక్కన, తల ఎత్తుగా ఉన్న సమాధి. అది కృష్ణమ్మ తండ్రి దానియేలుది. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. కృష్ణమ్మ పలకా బలపం పట్టే వయసులో పోయాడు. వెంటనే తల్లి బిడ్డను తీసుకుని పల్లెకు పోయింది. కృష్ణమ్మ పెళ్ళీ కాపురమూ అక్కడే. "గేట్లకెళ్లి పోంగనే కుడిచేతి గోడకు, తల ఎత్తుగుంటది బిడ్డా. మీ నాయన తోటి పనోళ్లు రైలు పట్టా కోసి ఇనుప సిలువ పెట్టిన్రు" అని చెప్తూ చెప్తూనే ఆ తల్లీ పోయింది. కొడుకు వెస్లీకి కొలువు దొరికి కృష్ణమ్మ మళ్ళీ ఫలక్‌నుమా చేరేసరికి చాలా ఏళ్ళు గడిచిపోయాయి. నేరుగా తోటకు వెళ్ళింది. కుడిచేతి గోడ ఉంది, ఎత్తయిన తల ఉంది. సిలువ లేదు. పాత ఇనుము దొంగలెవరో ఎత్తుకుపోయారని వాళ్ళను తిట్టి, కొంగుతో దుమ్ము దులిపి, దీపం పెట్టింది. అప్పటినుంచి ప్రతి ఏడూ సమాధుల పండుగకు సున్నం, బంతిపూలు, కొవ్వొత్తి. సున్నం మీద సున్నం పేరుకుని రాత అన్నది కనబడదు. తలరాయి మీద గుండ్రంగా ఉబ్బు ఒకటి మాత్రం చేతికి తగులుతుంది.

"అది చర్చిల పంచే ప్రభువు బల్ల రొట్టె. మా అమ్మ చెక్కించింది" అని కృష్ణమ్మ మురిసేది.

రొట్టె కాదేమో. ఆ ఫోటో పంపితే హెలెన్‌కు తాత దొరుకుతాడు, అమ్మమ్మకు నాయన పోతాడు. షారోన్‌కు రెండు రోజులు అన్నం సయించలేదు.

పండుగ ముందటి శనివారం పొద్దున కృష్ణమ్మ వాకిట్లో కూర్చుని సున్నం వడగడుతోంది. తెల్లగా మెరవాలని చిటికెడు నీలిమందు కలిపింది.

"అమ్మమ్మా, ఒక్క మాట."

"పిలగాడెవడు?" అంది కృష్ణమ్మ తలెత్తకుండానే. "రెండొద్దులసంది తింటలేవు. గందుకే అడుగుతున్న."

"పిలగాడు కాదు. ముసలాయన."

కృష్ణమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. షారోన్ గబగబా అంతా చెప్పేసింది. పారిపోయినవాళ్ళు, పీపాలు, గడియారాలు, ఐర్లండు టీచరమ్మ, రాతి మీది గుండ్రం.

లోపల గడ్డం గీసుకుంటున్న వెస్లీ సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. "అంటే ఇన్నేండ్లు నేను దండం పెట్టింది గడియారాల దొరకా? ప్రమోషన్ కావాలని మొక్కిన గదనే! దొరకు ఇంగ్లీషుల మొక్కకపోతి, ఎట్ల సమజైతది?"

"నువ్వు మూస్కోరా" అంది కృష్ణమ్మ. సున్నం కుండ పక్కకు జరిపింది. ఏడుస్తుందేమోనని షారోన్ దగ్గరికి జరిగింది.

"గది గామె దొరదో కాదో తర్వాత సంగతి" అంది. "గది దొరదే అయితే, మా నాయన యాడున్నడు? ఇన్నేండ్లు పండుగనాడు అందరి మీద దీపాలుంటే, మా నాయన ఒక్కడు చీకట్ల ఉన్నడా?"



కృష్ణమ్మ చేతులు కడుక్కుని లేచింది. "పాండ్రి. సున్నం గీకుదాం."

"ఫికర్ చేయకు అమ్మమ్మా, నువ్వు వద్దంటే గీకం. ఆమెకు దొరకలేదని రాస్త."

"వాళ్లకు సమాధులే లేవంటివి గదా? ఉన్న ఒక్కదాన్ని నేను సున్నం కింద దాచిపెట్టుకుంటనా? నడువు."

తోటలో పండుగ పని జోరుగా ఉంది. నీళ్ళ బకెట్లు, చీపుళ్ళు, కుంచెలు, పిల్లల అరుపులు. వెస్లీ కొబ్బరిచిప్పతో గీకడం మొదలుపెట్టాడు. సున్నం పెచ్చులుపెచ్చులుగా రాలింది. "ఇది నా పెండ్లి ఏడు వేసిన పెచ్చు" అంటూ ఒకటి తల్లికి చూపించాడు. ఆమె నవ్వలేదు.

రొట్టె అంచున ముందు ఒక గీత బయటపడింది. తర్వాత అంకెలు. తర్వాత రెండు ముళ్ళు. దాని కింద పేరు. షారోన్ వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. పీటర్ శాబో.

ఆమె ఫోటో పంపింది. ఐర్లండులో అప్పుడే తెల్లవారుతోంది. టీచరమ్మ నుంచి ఒకదాని వెనక ఒకటి సందేశాలు వచ్చాయి. మొదటిదాంట్లో ఒక్క అక్షరం కూడా లేదు, ఏడుపు బొమ్మలే.

"మస్తు ఖుషీ అయింది అమ్మమ్మా."

"కానియ్యి పాపం" అంది కృష్ణమ్మ. ఆమె మాత్రం పక్కనున్న మట్టి దిబ్బ మీద చెయ్యి వేసి కూర్చుంది. అది ఎవరిదో అనామకుడిది. దిక్కులేనివాడని, తమ సున్నంలో మిగిలినది దానికీ చల్లి, ఒక కొవ్వొత్తి అదనంగా పెట్టడం ఆమెకు అలవాటు.

ఏం చేయాలో తోచనప్పుడు షారోన్ చుట్టూ చూస్తుంది. చూస్తుంటే, ఎన్నో ఆదివారాలుగా కంటబడుతున్నదే మళ్ళీ కంటబడింది. పాత రాళ్ళన్నీ గేటుకు వీపు పెట్టి ఉంటాయి. వాటి రాతలన్నీ అవతల రైలు పట్టాల వైపు తిరిగి ఉంటాయి. గడియారపాయన రాయి కూడా అంతే. కొత్త రాళ్ళు మాత్రం రోడ్డు వైపు చూస్తాయి. వచ్చేవాళ్ళకు పేరు కనబడేలాగే కదా ఎవరైనా రాయి నిలబెడతారు?

ఆమె పట్టాల వైపు గోడదాకా నడిచింది. గోడ మధ్యలో రెండు రాతి స్తంభాలు కూరుకుపోయి ఉన్నాయి. వాటి నడుమ ఇటుకలు వేరే రంగు. ఒక స్తంభానికి తుప్పుపట్టిన గేటు కీలు ఇంకా వేలాడుతోంది.

"అమ్మమ్మా!"

షారోన్ అంత గట్టిగా అరవడం తోటలో ఎవరూ ఎరగరు. వెస్లీ కొబ్బరిచిప్ప జారవిడిచాడు.

"గేటు మార్చిన్రు! నువ్వు పల్లెల ఉన్నప్పుడు, రోడ్డు పడ్డంక మార్చుంటరు. అమ్మమ్మా, గిక్కడ నిలబడు. గీ గేట్లకెళ్లి వస్తే ఏది కుడిచెయ్యి?"

కృష్ణమ్మ స్తంభాల మధ్య వీపు ఆనించి నిలబడింది. కుడిచెయ్యి చాపింది. ఆ చెయ్యి గడియారపాయనను వదిలేసి, తోటకు అవతలి గోడను చూపించింది.

అక్కడ తల ఎత్తుగా ఉన్న సమాధి ఒకటి తళతళ మెరుస్తోంది. ఇనుప సిలువకు ఒకాయన వెండిరంగు పెయింటు కొడుతున్నాడు. జల్‌పల్లిలో ఆటోలకు రంగులేసే ఆగయ్య. సమాధి మీద అప్పటికే బంతిపూల దండ పడింది.

కృష్ణమ్మ చెప్పుల్లేకుండానే వెళ్ళింది. సిలువను పట్టుకుని చూసింది. దగ్గరికి వస్తే తప్ప రంగు కింద తెలియదు గానీ, అది రైలు పట్టా ముక్కే.

"ఏ అమ్మా, పచ్చి పెయింటు!" అన్నాడు ఆగయ్య. "చెయ్యి ఖరాబైతది."

"ఎవలది గిది?"

"మా తాతది. షోలాపూర్ మిల్లుల ఉండంగ మా నాయన చెప్పిండు, గేటు దాటినంక ఎడమచేతి గోడకని."

"మీ తాత ఏం పని చేసెటోడు?"

"బ్యాండు. క్లారినెట్ ఊదేటోడు, మస్తు పేరుండె."

"క్లారినెట్ ఊదెటోనికి రైలు పట్టాతోని సిలువ ఎందుకయ్యా?" అని వెనకనుంచి వెస్లీ అడిగాడు.

ఆగయ్య కుంచెను డబ్బాలో పెట్టి బుర్ర గోక్కున్నాడు. "నిజం చెప్పాల్నంటే అన్నా, నేను గూడ గదే అనుకుంట. తోటి బ్యాండోళ్లు ఆయన కోటు గుండీలు తలకాడ సున్నంల ఒత్తిన్రని మా నాయన చెప్పిండు. గుండీలు లెవ్వు. ఎవడో దొంగ పీక్కపోయిండని తిట్టుకున్న."

షారోన్ ఆగయ్యకు గేటు సంగతి చెప్పింది. ఆగయ్య ఒకసారి పాత స్తంభాల వైపు, ఒకసారి తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. అందరూ కలిసి మళ్ళీ, పాత గేటుకు ఎడమచేతి వైపయ్యే ఇవతలి గోడకు వచ్చారు. కృష్ణమ్మ తన అనామకుడి దిబ్బ దగ్గర కూర్చుని, తల వైపు సున్నాన్ని గోటితో గీకింది. ఇన్నేళ్ళూ చేతికి గులకరాయిలా తగిలినది పచ్చగా మెరిసింది. ఇత్తడి గుండీ.

ఆగయ్య గుండీని వేలితో తుడిచాడు. "తాతా! నీకెవలూ లెరనుకున్నవేమో..."

"ఎందుకు లెరు? నేనుంటి గదా" అంది కృష్ణమ్మ. "ఒక్క ఏడు గూడ దీపం ఆపలె. నీ తాత మీద ఒట్టు." ఆ మాట అనేసి, హఠాత్తుగా ఆగయ్య చెయ్యి పట్టుకుంది. "నువ్వో? మా నాయనకు ప్రతి ఏడు పెట్టినవా?"

"అయ్యో, పెట్టకుంటే ఎట్లమ్మా? నాకు జరమొచ్చిన ఏడు నా భార్యను తోలిన. అంతకుముందు మా నాయన షోలాపూర్‌ల ఉండంగనే పైసలు పంపి పెట్టించెటోడు."

కృష్ణమ్మ కళ్ళు అప్పుడు తడిశాయి. వెంటనే నవ్వింది కూడా. కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "విన్నవారా? మా నాయన చీకట్ల లేడు! వెండిరంగుతోని దర్జాగున్నడు!"

మర్నాడు సాయంత్రం పండుగ. తోటంతా కొవ్వొత్తులు. దానియేలు సమాధి దగ్గర కృష్ణమ్మ చాలాసేపు మాట్లాడుకుంది. గేటు మార్చిన సంగతి, పట్టా సిలువను తాను దొంగల నెత్తిన రుద్దిన సంగతి, అన్నీ చెప్పింది. ఆగయ్య తన తాత దగ్గర కూర్చున్నాడు కానీ, సిలువకు వెండిరంగు మాత్రం ఇకముందూ తనే వేస్తానన్నాడు. "అలవాటైన పని గదమ్మా" అన్నాడు.

హెలెన్ దగ్గర్నుంచి సందేశం వచ్చింది. దయచేసి ఇక రాతికి సున్నం వేయవద్దని ఎంతో మర్యాదగా అడిగింది.

"వద్దా?" కృష్ణమ్మకు నచ్చలేదు. "పండుగనాడు అందరు కొత్త బట్టలేస్కుంటే ఆయన ఒక్కడు పాతవాటితోని ఉంటడా? వాళ్ల ఇంట్ల పిల్లలకు గిట్లనే చేస్తరా అని అడుగు."

షారోన్ అడగలేదు. గడియారాన్ని, పేరును పాత కాగితంతో కప్పి, చుట్టూ మాత్రం సున్నం పూసింది. కాగితం తీస్తే తెల్లటి అంచు మధ్య గడియారం ఫోటో చట్రంలో పెట్టినట్టు నిలిచింది. దాని ముందు కృష్ణమ్మ కొవ్వొత్తి పెడుతుండగా ఫోటో తీసి పంపింది.

హెలెన్ వెంటనే జవాబిచ్చింది. చట్రం చాలా బాగుందట. వంశవృక్షంలో పీటర్ పక్కన ప్రశ్న గుర్తు తీసేసి ఈ ఫోటో పెడుతుందట. ఫోటోలో ఉన్న పెద్దావిడ పీటర్‌కు ఏమవుతుందో రాయాలట.

షారోన్ చదివి వినిపించింది.

కృష్ణమ్మ కొంగు సర్దుకుని ఆలోచించింది. "ఇన్నేండ్లు నాయనా నాయనా అని పిలిచిన. ఇప్పుడు ఏమి గానంటే ఆయనేమనుకుంటడు? బిడ్డ అని రాయి."