సువార్తమ్మ లాగని తాడు

నేను ఒక తుమ్మచెక్కను. ఒకపక్క లావుగా, ఒకపక్క సన్నగా, కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలా ఉంటాను. ఆగి ఉన్న చక్రం కదలకుండా దాని ముందు దూరి కూర్చోవడం నా వృత్తి. బండివాళ్ళు నన్ను అడ్డు అన్నారు. లారీవాళ్ళు చెక్క అన్నారు. విమానాలవాళ్ళు చాక్ అంటారు. పేరు మారినప్పుడల్లా మనుషులు నన్ను కొత్తగా చూశారు గాని, నా పని మాత్రం ఏనాడూ మారలేదు.

కందుకూరు దారిలో ఎద్దుబండ్లకు చక్రాలు చేసే వీరాచారి అనే వడ్రంగి ఉండేవాడు. ఇరుసు చెయ్యడానికని తెచ్చిన మొద్దులో చీలిక కనబడింది. చేవదేరిన తుమ్మను పొయ్యిలో పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. మంచి భాగం చూసి నన్నూ, నాతోపాటు ఇంకొకదాన్నీ చెక్కి, ఇద్దరినీ ఒకే తాటితో కలిపాడు. ఒక బండివాడు మమ్మల్ని కొనుక్కున్నాడు. బండ్ల కాలం పోయాక అతని కొడుకు లారీ డ్రైవరయ్యాడు, మేమూ లారీ ఎక్కాం. పొగాకు బేళ్ళ బరువుతో ఘాటురోడ్డు మీద లారీ ఎక్కడ ఆగినా క్లీనరు నన్ను కాలితో తన్ని చక్రం కిందికి దూర్చేవాడు. బయల్దేరేటప్పుడు తిట్టుకుంటూ బయటికి లాగేవాడు. ఆగాలన్నప్పుడు నేను దేవుణ్ణి, కదలాలన్నప్పుడు శనిని. మనుషుల తీరే అంత అని సరిపెట్టుకున్నాను.

ఒక వానాకాలం ఆ లారీలో బేళ్ళకు బదులు ఒక విమానం అస్థిపంజరం ఎక్కింది. రెక్కలు విరిగి, ఒంటిమీది గుడ్డ చీలికలై, ఎలుకలు కాపురాలు పెట్టిన చిన్న రెండు సీట్ల విమానం. ఎవరో పాత సామాన్ల వేలంలో అమ్మేస్తే దైవసహాయం గారు కొన్నారు.

ఆయన ఒకప్పుడు పత్తి చేల మీద మందు చల్లే విమానం నడిపినవాడు. కరెంటు తీగల కిందనుంచి దూరిపోయేవాడని జనం చెప్పుకునేవారు. నిజమో కాదో గాని, ఆయన ఎన్నడూ కాదనలేదు. మందు చల్లే విమానాలు ఆగిపోయాక ఒంగోలులో ట్రాక్టరు సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. ఎవరైనా బోల్టు అడగడానికి వచ్చినా ముందు ఆకాశం వైపు చూసి, ఆ తరవాతే బీరువా తెరిచేవారట. భార్య సువార్తమ్మ మిషన్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఊరి బయట, ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన వాళ్ళ పాత బ్యారన్ కొట్టం ముందు లారీ ఆగింది. సామాను దించాక సువార్తమ్మ డ్రైవరుకూ క్లీనరుకూ అన్నం పెట్టింది. వాళ్ళు చేయి కడుక్కుంటుంటే ఆవిడ చూపు చక్రం కింద ఉన్న నామీద పడింది.

"ఆ చెక్కలు మాకు వదిలెయ్యి నాయనా. దీనికీ చక్రాలుండాయి గదా."

"రెక్కలే లేవు గదమ్మా, ఇది యాడికి పోద్ది?" అని డ్రైవరు నవ్వాడు.

"వస్తాయిలే," అంది ఆవిడ.

వచ్చాయి. ఏళ్ళు పట్టింది. ఆయన కొట్టు మూసుకుని వచ్చి కమ్మీలు అతికించేవారు. ఆవిడ డ్యూటీ దిగి వచ్చి, గాయాలకు కుట్లు వేసిన చేతులతోనే రెక్కల గుడ్డకు కుట్లు వేసేది. చివరికి ఒక చల్లటి పొద్దున పసుపురంగు వేసుకుని విమానం బయటికొచ్చింది.

దానికి బటన్ నొక్కితే స్టార్టయ్యే భాగ్యం లేదు. ముందున్న పంకాను మనిషి చేత్తో తిప్పాలి. ఆయన వెనక సీట్లో కూర్చుని "కాంటాక్ట్!" అని అరిస్తే, సువార్తమ్మ చీర కొంగు బిగించి పంకా తిప్పి చటుక్కున పక్కకు జరిగేది. ఇంజన్ అందుకోగానే విమానం ముందుకు ఉరకబోయేది. ఒక చక్రం ముందు నేను, రెండో చక్రం ముందు నా జంట. ఆయన రెండు బొటనవేళ్ళూ బయటికి చూపించినప్పుడే ఆవిడ రెక్క చివర నిలబడి తాడు లాగేది. ఆ తరవాత మమ్మల్ని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లోకి ఎక్కేది. అలా నేను ఆకాశం చూశాను. కదిలేవాటిని ఆపడానికి పుట్టిన చెక్క, ఒక నర్సమ్మ ఒళ్ళో కూర్చుని గుండ్లకమ్మ మీదుగా ఎగిరింది.

వాళ్ళు అలా చాలా ఏళ్ళు ఎగిరారు. ఆయనకు డెబ్భై దగ్గరపడ్డాక రాళ్ళమెట్ట నుంచి పిలుపు వచ్చింది.

రాళ్ళమెట్టలో ఎప్పటిదో పాడుబడ్డ రన్‌వే ఉంది. చెంచురామయ్య అనే పొగాకు వ్యాపారికి నడివయసులో ఎగిరే పిచ్చి పట్టుకుంది. వీపుకు ఇంజన్ కట్టుకుని పారాచూట్‌తో తేలే మనిషి అతను. ఆ రన్‌వే మీద తుమ్మచెట్లు కొట్టించి, దేశంలో సొంత చిన్న విమానాలున్న వాళ్ళందరినీ రమ్మన్నాడు. రెండు రోజుల సంబరం. రెండోరోజు పొద్దున పాత విమానాలు వరసగా జనం మీదుగా ఎగరాలి. అందులో మొదటిది దైవసహాయం గారి పసుపు విమానం. ఆ కబురు వచ్చినప్పటినుంచి ఆయన రోజూ గడ్డం గీసుకోవడం మొదలెట్టారు.

రాళ్ళమెట్ట నేను చూసిన తిరునాళ్ళన్నిటిలోకీ వింతైనది. దారికి ఒకపక్క మిరపకాయ బజ్జీల బండ్లు, రంగులరాట్నం. రెండోపక్క విమానాలు. ఒకటి కారంత, ఇంకొకటి మంచమంత. ఒకాయన ఇంట్లో కట్టుకున్న యంత్రానికి రెక్కలే లేవు, తలమీద పెద్ద పంకా తప్ప. ఎగరడానికి వచ్చినవాళ్ళు నేలమీదే ఎక్కువసేపు గడిపారు. ఒకరి ఇంజన్‌లోకి ఒకరు తలలు దూర్చి, పెళ్ళిసంబంధం చూసినట్టు చూసి, తమదే మేలని తృప్తిపడి వెళ్ళిపోతున్నారు. ఊళ్ళవాళ్ళు చంకలో పిల్లల్నీ చేతిలో బజ్జీల పొట్లాల్నీ పట్టుకుని రెక్కల కింద నీడకు చేరారు.

మేం వచ్చింది మొదటిరోజు మధ్యాహ్నం. దిగేటప్పుడే ఒక సంగతి జరిగింది. ఎడమపక్క ఒక పారాచూట్ మనిషి తేలుతూ దగ్గరికి వస్తున్నాడు. ఎర్రటి గుడ్డ, ఎవరికైనా కనపడాలి. దైవసహాయం గారు దాని వైపే వంచారు విమానాన్ని. సువార్తమ్మ "ఏవండీ, ఎడమపక్క!" అని కేకపెట్టింది. ఆయన ఉలిక్కిపడి పైకి లేపారు. దిగాక ఆ పారాచూట్ మనిషినే తప్పుపట్టారు.  ఆవిడ నన్ను చక్రం ముందు పెట్టి, సాయంత్రం దాకా ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆయన డేరా తాడు కాలికి తట్టుకుని తూలారు. పక్కనుంచి ఎవరో టీ గ్లాసు అందిస్తే పట్టించుకోనే లేదు.

మర్నాడు తెల్లారాక డేరా ముందు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి ఎదురుగా నిలబడింది.

"నా ముక్కు చూడండి. వేలు కనపడగానే చెప్పండి."

పక్కనుంచి వేలు మెల్లగా ముందుకు తెచ్చింది. చెవి దాటింది, కన్ను దాటింది. దాదాపు ముక్కు దగ్గరికి వచ్చాకే ఆయన "ఆఁ" అన్నారు. రెండో పక్కా అంతే.

"ఇవి నీటికాసులండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "పక్కచూపు పోయింది మీకు. ఎదర చూపు ఉండబట్టి తెలీలేదు. ఇవాళ ఎగరొద్దు."

"ఆస్పత్రి మానేసినా వార్డు వదలవేం సువార్తా? మొన్న డాక్టరు గోడమీది అక్షరాలన్నీ చదివించాడు. చీమంత అక్షరాలు చదివాను."

"గోడ ఎదురుగా ఉంటది. ఆకాశం చుట్టూ ఉంటది."

"ఈ ఒక్కసారికి," అన్నారాయన. ఆ గొంతులో అధికారం లేదు, బతిమాలడమే ఉంది. "జనమంతా వచ్చారు. మన బండే ముందు ఎగరాలి. ఈ ఒక్కసారికి."

ఆవిడ జవాబు చెప్పలేదు. మగవాళ్ళు మౌనాన్ని తమకు కావలసిన అర్థంలోకి అనువదించుకుంటారు. ఆయన లేచి చొక్కా మార్చుకున్నారు.

జనం రన్‌వే పొడుగునా బారులు తీరారు. చెంచురామయ్య మైకులో ఒకటే మోత. "ముందుగా, మన జిల్లా గర్వం, దైవసహాయం గారు!" చప్పట్లు. ఆయన ఒక్కరే ఎక్కారు, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకున్నారు. "కాంటాక్ట్!" సువార్తమ్మ పంకా తిప్పింది. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. ఎప్పటిలాగే వెళ్ళి ఎడమరెక్క చివర తాడు పట్టుకుని నిలబడింది. ఆయన రెండు బొటనవేళ్ళూ బయటికి చూపించారు.

తాడు కదల్లేదు.

ఆయన మళ్ళీ చూపించారు. సువార్తమ్మ తాడు కింద పడేసింది. విమానం వెనకనుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకు వెళ్ళి, తెల్లటి కొంగు విప్పి పైకెత్తి ఊపింది. జనమంతా చూశారు. ఆయన చూడలేదు. ఎడమపక్క ఆవిడ ఉంటుందనుకున్న చోటికే తల తిప్పి చూసి, విసుక్కుని ఇంజన్ వేగం పెంచారు.

ఆ బలమంతా నామీద పడింది. గడ్డి మీద నుంచి మట్టిలోకి దిగబడ్డాను. చక్రం నామీదికి ఎక్కబోయింది. లారీల బరువు మోసినవాణ్ణే, అయినా ఇంత బరువు ఎన్నడూ ఎరగను. లారీకి కోపం ఉండదు మరి. నా జంట అటుపక్క మూలిగింది. సువార్తమ్మ పంకాకు దూరంగా ఎదురుగా వచ్చి నిలబడి, ఆపెయ్యమని చెయ్యి అడ్డంగా ఊపింది. ఆయన ఎదురుగా చూశారు. ఆవిడ ముఖం చూశారు.

ఇంజన్ ఆగింది. రంగులరాట్నం కిర్రుమనడం కూడా వినపడేంత నిశ్శబ్దం.

ఆవిడ దగ్గరికి వచ్చింది. ఆయన హెడ్‌సెట్ తీసి, "తాడు లాగలేదేం?" అన్నారు పళ్ళ బిగువున.

"నన్నే చూస్తా చెప్పండి. తల తిప్పొద్దు. మీ కుడిపక్క ఏముంది?"

"ఏముంటుంది? గడ్డి."

"ఇప్పుడు తిప్పి చూడండి."

ఆయన తిప్పారు. వెనకాల రావలసిన తెల్ల విమానం, మేం ఆలస్యం చెయ్యడంతో ముందుకు జరిగి, మా కుడిరెక్కకు బారెడు దూరంలో ఆగి ఉంది. దాన్ని నడిపే నౌషీన్ అనే కడప అమ్మాయి, శిక్షణ ఇచ్చే పైలట్, ఇంజన్ ఆపేసి ఈ ఇద్దర్నీ బిత్తరపోయి చూస్తోంది. మేం బయల్దేరగానే తిరగవలసింది కుడికే.

దైవసహాయం గారు చాలాసేపు ఆ తెల్ల రెక్కనే చూశారు. తరవాత తన చేతులు చూసుకున్నారు.

"అందరి ముందూ ఆపాలా?" అన్నారు చివరికి.

"అందరి మీదా పడేకంటే నయం గదండీ."

అప్పటికి చెంచురామయ్య మైకు పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "ఏంది సార్? ఇంజన్ ఏమన్నా మొరాయించిందా?"

"అవునయ్యా, ఇంజనే..." అని సువార్తమ్మ మొదలుపెట్టింది. జీవితంలో ఆవిడ అబద్ధం ఆడబోవడం నేను విన్నది అప్పుడే.

"ఇంజన్ బంగారంలా ఉంది," అన్నారాయన దిగుతూ. "కళ్ళే మొరాయించినాయి. ఆ అమ్మాయిని ముందు ఎగరమను."

నౌషీన్ ముందు ఎగిరింది. జనం అప్పుడూ చప్పట్లే కొట్టారు. వాళ్ళకు ఎవరు ఎగిరినా ఒకటే. ఆయన మాత్రం మా పసుపు రెక్క కింద చాప వేసుకుని, అటు తిరిగి పడుకున్నారు. సువార్తమ్మ బజ్జీలు తెచ్చి పెట్టింది, ముట్టలేదు. మజ్జిగ తెచ్చింది, తాగలేదు. ఆవిడ వెళ్ళిపోలేదు, బతిమాలనూ లేదు. నన్ను పక్కకు జరిపి, చక్రానికి ఆనుకుని కూర్చుంది. పొద్దు వాలుతుండగా నౌషీన్ వచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చుంది.

"సార్, మీ బండిని ఇంటికి నేను తోలుకొస్తా. ముందు సీట్లో మీరు కూర్చోండి. దారి నాకు తెలీదు."

దారి ఆ పిల్లకు తెలీకేం! ఆయనకూ ఆ సంగతి తెలుసు. అయినా లేచి కూర్చున్నారు. "గాలి తూర్పునుంచి కొడుతుంది, దిగేటప్పుడు చూసుకోవాల," అన్నారు. తరవాత భార్య వైపు తిరిగి, "మరి నువ్వెట్టా వస్తావు?" అన్నారు. ఆ రోజు ఆవిడతో ఆయన మళ్ళీ మాట్లాడిన మొదటి మాట అది.

"బస్సుల్లేవా ఏంది?" అంది ఆవిడ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

మేమూ ఆవిడతో బస్సులోనే వచ్చాం. కండక్టరు సంచిలోకి తొంగిచూసి "పొయ్యిలోకా అమ్మా?" అన్నాడు. ఆవిడ నవ్వింది. తరవాత ఒంగోలు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

గుంటూరులో కంటిడాక్టరు, పోయిన చూపు ఇక రాదనీ, ఉన్నది నిలబెట్టుకోమనీ చెప్పి చుక్కలమందు రాసిచ్చాడు. పొద్దునా సాయంత్రం చుక్కలు వెయ్యడం సువార్తమ్మ డ్యూటీ అయింది. కొన్నాళ్ళు ఆయన బ్యారన్ వైపు రాలేదు. ఒకరోజు నౌషీన్‌ను పిలిపించి, "విమానం తీసుకుపోమ్మా, నిలబెడితే తుప్పు పడుతుంది. అప్పుడప్పుడూ తెచ్చి చూపించు," అన్నారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నేను చచ్చిపోలేదు, ఊరుకో," అని కసిరారు.

మరుసటి ఏడు రాళ్ళమెట్ట సంబరానికి దంపతులిద్దరూ మమ్మల్ని సంచిలో వేసుకుని బస్సులో వచ్చారు. పసుపు విమానాన్ని నౌషీన్ తెచ్చింది. ఈసారి ముందు సీట్లో సువార్తమ్మ ఎక్కింది, ఒళ్ళో ఏమీ లేకుండా. పంకా ఇంకో పైలట్ తిప్పాడు.

తాడు దైవసహాయం గారు పట్టుకున్నారు.

నౌషీన్ బొటనవేళ్ళు చూపించింది. ఆయన తొందరపడలేదు. ముందు ఎడమకు, భుజం మీద గడ్డం ఆనేదాకా తల తిప్పి చూశారు. తరవాత కుడికి, అలాగే. తరవాత ఒళ్ళంతా తిప్పి వెనక్కి చూశారు. అప్పుడు లాగారు.

నేను గడ్డి మీద జారుతూ ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చి పడ్డాను. ఆయన వంగి, చేత్తో తడుముకుని మా ఇద్దర్నీ తీసి భుజాన వేసుకున్నారు. విమానం పరిగెత్తి, నేల వదిలి, చిన్నదవుతూ పోయింది. చెంచురామయ్య పక్కకు వచ్చి, "కనపడతందా సార్?" అని అడిగాడు.

"ఎదురుగానే ఉంది గదా," అన్నారాయన. అది మబ్బులో కలిసేదాకా చూపు తిప్పలేదు.