మూడు పూతల రంగు

పెద్ద చక్రాల బండి కొన్నవాళ్ళకి వచ్చినన్ని సందేహాలు కొత్త పెళ్ళికొడుక్కి కూడా రావు. ఈ సంగతి ఎందుకమ్మకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఆ సందేహాలన్నీ వచ్చి పడేది ఆమె బల్ల మీదే కాబట్టి. కొండదారుల్లోనూ రాళ్ళల్లోనూ తిరిగే జీపుల యజమానులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం నెలనెలా ఒక చిన్న పత్రిక వేస్తుంది. అందులో చివరి రెండు పేజీలూ ప్రశ్నలూ జవాబులూ. జవాబులు రాసేది ఎందుకమ్మ. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, మూడేళ్ళప్పుడు కనిపించిన ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని చెవిలో జోరీగలా వేధిస్తుంటే బాబాయి ఈ పేరు పెట్టాడు. ఇరవై ఏడేళ్ళు వచ్చినా అది ఆమెను వదల్లేదు, ఆమె ఆ మాటను వదల్లేదు.

బండిని రెండంగుళాలు ఎత్తు చేయించాను, ఇప్పుడు మా అత్తగారు ఎక్కలేకపోతున్నారు, ఏం చేయమంటారని ఒకాయన అడుగుతాడు. పక్కన మెట్టు బిగించండి, ఎత్తు చేయించే ముందు అత్తగారిని అడగాల్సింది అని ఎందుకమ్మ రాస్తుంది. గతుకుల్లో వెనక నుంచి పిచ్చుక అరిచినట్టు కీచుమంటోందని ఒకావిడ రాస్తుంది. స్ప్రింగుల చివర రబ్బరు బుష్షులు ఎండిపోయి ఉంటాయి, అవి మార్పించండి, పిచ్చుకను వెతక్కండి అని జవాబు. తెలిసినవాటికి అప్పటికప్పుడు రాసేస్తుంది. తెలియనివాటికి సంఘం గది మెట్లు దిగి, కింద టైర్ల కొట్లో గాలి తాతని అడుగుతుంది. గాలి తాత నలభై ఏళ్ళుగా టైర్లకి గాలి కొడుతున్నాడు. ఆయనకీ తెలియకపోతే, ఇద్దరూ కలిసి ఏదో ఒకటి విప్పి చూస్తారు.

ఆ నెల ఒక పశువుల డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కొండ మీద మందలకి వైద్యం చేసే ఆవిడ. "నా బండి చక్రాల నట్లు వారం తిరిగేసరికి వదులవుతున్నాయి. ఎంత బిగించినా ఇంతే. నట్లు మార్చాను, బోల్టులు మార్చాను. మా మెకానిక్ తల గోక్కుంటున్నాడు. రెండు నెలల కిందట చక్రాలకి కొత్తగా రంగు వేయించడం తప్ప నేను బండి జోలికే పోలేదు."

ఎందుకమ్మ ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

కారణం ఆమె ఇంట్లోనే, షెడ్డులో, టార్పాలిన్ కింద ఉంది. నాన్నా బాబాయీ ఇద్దరూ కలిసి నడుపుకున్న జీపు అది. బాగుచేసేది నాన్న, నడిపేది బాబాయి. అడవి కొలిచేవాళ్ళనీ, కొండలు చూడ్డానికి వచ్చేవాళ్ళనీ ఎక్కించుకుని పదిహేనేళ్ళు తిరిగారు. ఎనిమిది నెలల కిందట ముగ్గురు సర్వేయర్లతో కొండ దిగుతుండగా ముందు ఎడమ చక్రం ఊడింది. ఊడిన చక్రం బండిని దాటుకుని దాని దారిన అది వెళ్ళిపోయింది. బండి కాలవలోకి ఒరిగింది. ఒక సర్వేయరుకి భుజం ఎముక విరిగింది. కబురు తెలిసి పరుగెత్తుకుని వెళ్ళిన నాన్న, అంతమంది ముందు, "నట్లు చూసుకోకుండా బండి తీసేవాడికి స్టీరింగ్ ఎందుకురా" అన్నాడు. బాబాయి అసలే నోట్లో నాలుక లేని మనిషి. తల దించుకుని ఊరుకున్నాడు.

అంతే, ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. కొండలన్నీ తిరిగిన బాబాయి ఇప్పుడు ఒక గోడౌన్ గేటు దగ్గర కూర్చుని లారీలు వస్తే అడ్డుకర్ర ఎత్తుతున్నాడు, పోతే దించుతున్నాడు. నాన్న బండిని బాగుచేసి షెడ్డులో పెట్టి, దాని మీద టార్పాలిన్ కప్పి, దాని ఊసెత్తితే చాలు లేచి వెళ్ళిపోతున్నాడు. ఎందుకమ్మకి కావలసింది ఒక్కటే, ఆ ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోవడం. ఎనిమిది నెలలుగా ఇద్దరికీ చెప్పి చూసింది, బతిమాలింది, అలిగింది. ఫలితం సున్నా.

ఆ చక్రం ఊడడానికి ఇరవై రోజుల ముందు నాన్న చక్రాలకి రంగు వేశాడు. నాలుగు రోజులు కూర్చుని, మూడు పూతలు.

ఆమె ముందు పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది. "నాకింకా జవాబు తెలీదండీ. తెలిసేదాకా మాత్రం మీరు కొండెక్కొద్దు. తప్పదంటే బయల్దేరే ముందు ప్రతిసారీ నట్లు బిగించుకోండి" అని చెప్పింది. తర్వాత మెట్లు దిగింది.

"రంగేస్తే నట్టు ఎందుకు వదులవుతుంది తాతా?"

గాలి తాత ఉత్తరం రెండుసార్లు చదివాడు. "వదులవదు. రంగు వేసేది పైన కదా, అందానికి."

"పైనే కాకుండా నట్టు కూర్చునే గుంటలో కూడా వేస్తే?"

"అక్కడెవడు వేస్తాడు తల్లీ? అక్కడ కాగితం అంటించి వదిలేస్తారు ఎవరైనా."

తన నాన్న వేస్తాడని ఎందుకమ్మకి తెలుసు. ఎవరికీ కనిపించని చోట కూడా పని శుభ్రంగా ఉండాలనేది ఆయన పట్టుదల. స్క్రూలు బిగిస్తే వాటి తలల మీది గీతలన్నీ ఒకే వైపుకి తిరిగి ఉండాలి. తుప్పు మొదలయ్యేది ఆ గుంటల్లోనే అని, సన్న కుంచె పెట్టి, కంటికి కాటుక పెట్టినంత ఓపిగ్గా వాటి లోపల కూడా వేశాడు. ఆమె పక్కన నిలబడి చూసింది, మెచ్చుకుంది కూడా. ఆ మాట గాలి తాతకి చెప్పడానికి నోరు రాలేదు. "చూద్దాం తాతా" అంది.

తాత దగ్గర ఒక పాత జీపు ఉంది. దాని ముందు చక్రాల్లో కుడిదాన్ని బ్రష్షుతో రుద్ది, నట్లు కూర్చునే గుంటల్లో ఇనుము మెరిసేలా చేశారు. ఎడమదానికి గుంటల్లోనూ, చక్రం వెనక, ఇరుసు చివరన ఉండే హబ్బుకి ఆనే చోటా మూడు పూతలు వేసి నాలుగు రోజులు ఆరనిచ్చారు. టార్కు పానా అని ఒకటుంటుంది, పొడుగ్గా ఉండి, కావలసినంత బిగువు రాగానే టక్కుమంటుంది. దాంతో రెండు చక్రాల నట్లూ ఒకేలా బిగించారు. తర్వాత ఎందుకమ్మ ఒక్కో నట్టు మీది నుంచి చక్రం మీదికి సుద్దముక్కతో ఒక గీత గీసింది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగిపోతుంది.

మార్కెట్టు వెనక, తవ్వి వదిలేసిన రోడ్డు మీద మూడు రోజులు తిప్పారు. తాత నడుపుతుంటే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చక్రం వంకే చూసేది. "పడతావు తల్లీ" అంటాడు తాత. "పడితే చెప్తాలే" అంటుంది ఆమె. కూరగాయలు కొనుక్కునేవాళ్ళు వీళ్ళకేదో అయిందనుకున్నారు.

నాలుగోరోజు పొద్దున గీతలు చూశారు. ఒక్కటీ విరగలేదు. ఎందుకమ్మకి నీరసం వచ్చింది. నట్లు తిరగలేదంటే వదులు కానట్టే కదా, ఇన్ని రోజుల శ్రమ బూడిదలో పోసినట్టే కదా అనుకుంది. అయినా పానా తెచ్చి కుడి చక్రం నట్టు మీద పెట్టి కొంచెం లాగింది. వెంటనే టక్కుమంది. ఎడమ చక్రానికి పెట్టి లాగింది. నట్టు చప్పుడు చేయకుండా తిరిగింది. ఇంకా తిరిగింది. దాదాపు పావు చుట్టు తిరిగాక గానీ టక్కుమనలేదు.

తాతా ఆమే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నట్టు కదలలేదు, గీత విరగలేదు, అయినా బిగువు పోయింది. ఇదెలా సాధ్యమో అర్థం కాక ఇద్దరూ అక్కడే నేల మీద చతికిలబడ్డారు. తర్వాత నట్టు పూర్తిగా విప్పి గుంటలోకి చూశారు. రంగు నలిగి, పొడి పొడిగా రాలి, అంచుల మీదికి ఉబికి ఉంది.

"నట్టు పట్టుకున్నది ఇనుముని కాదు తల్లీ, రంగుని. రంగు నలిగినంత మేరా సందు పడింది" అన్నాడు తాత. "నలభై ఏళ్ళలో నేనిది చూడలేదు. ఎవడూ ఇంత శుభ్రంగా రంగు వేయలేదు మరి."

పశువుల డాక్టరుకి వెంటనే ఫోన్ చేసి చెప్పింది, గుంటల్లోనూ చక్రం వెనకా రంగు గీకించి, మళ్ళీ బిగించుకుని, యాభై కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోమని. అది తేలికైన జవాబు. రెండో జవాబు ఇంట్లో చెప్పాలి. నాన్నకి ముక్కు మీదే కోపం, పైగా తన పనిని ఎవరైనా వేలెత్తి చూపిస్తే భరించలేడు. చెబితే తమ్ముడితో పాటు కూతురితో కూడా మాట్లాడ్డం మానేస్తాడేమోనని ఆమెకి నిజంగానే భయం వేసింది. చెప్పకపోతే బాబాయి బతుకంతా ఆ గేటు దగ్గరే.

షెడ్డులో నాన్న ఎవరిదో షాక్ అబ్సార్బరు విప్పుతున్నాడు. ఎందుకమ్మ ఉత్తరం చదివి వినిపించింది. పరీక్ష సంగతి చెప్పింది, గీతల సంగతి కూడా. మన బండి అనే మాట ఎత్తలేదు. ఆయన ఆసక్తిగా విన్నాడు, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేశాడు. వింటూ వింటూ ఉన్నవాడల్లా చేతిలో పని ఆపేశాడు.

"ఆ గుంటల్లో రంగు వేసినా, నడిపేవాడు నట్లు చూసుకోవాలి" అన్నాడు.

"చూసుకోవాలి నాన్నా."

"మన బండివి అలా అయ్యుండవు. నేను వేసింది మంచి రంగు."

"విప్పి చూద్దామా?"

ఆయన లేచి టార్పాలిన్ లాగి పారేశాడు. ఊడిన చక్రం స్థానంలో కొత్తది ఉంది గానీ మిగతా మూడూ ఆయన రంగు వేసినవే. వాటిలో ఒకదానికి టార్కు పానా పెట్టి లాగాడు. నట్టు చప్పుడు చేయకుండా తిరిగింది. రెండోది, మూడోది కూడా అంతే. అన్నీ విప్పి, చక్రం కిందికి దించి, గుంటలో వేలు పెట్టి తిప్పాడు. వేలికి నల్లటి పొడి అంటింది. దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఎందుకమ్మకి ఆయన్ని చూస్తే జాలేసింది. ఇందాకటిదాకా ఉన్న భయం ఎటు పోయిందో తెలియదు.

"గోడౌన్లో వాడు ఎన్నింటిదాకా ఉంటాడు?" అని అడిగాడు.

"సాయంత్రం దాకా. ఇంటికొచ్చాక వెళ్దాం నాన్నా, అక్కడ అందరూ ఉంటారు."

"అందరూ ఉన్నప్పుడే అన్నాను కదమ్మా."

గ్రీజు చేతులతోనే బయల్దేరాడు. గేటు దగ్గర నాలుగు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు కిందికి దిగి కబుర్లు చెప్పుకుంటున్నారు. అన్న రావడం చూసి బాబాయి స్టూలు మీంచి గబుక్కున లేచాడు. నాన్న ఉపోద్ఘాతం లేకుండా, అందరికీ వినిపించేలా, "చక్రం ఊడింది నా వల్లరా. నేను వేసిన రంగు వల్ల. నిన్ను అనరాని మాట అన్నాను" అన్నాడు. డ్రైవర్లు కబుర్లు ఆపి ఇటు తిరిగారు.

బాబాయి ఆశ్చర్యపోతాడని ఎందుకమ్మ అనుకుంది. ఆయన మొహంలో ఆశ్చర్యమే లేదు. తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా నేల చూపులు చూస్తున్నాడు.

"నీకు తెలుసా బాబాయ్?" అంది ఆమె.

"అనుమానం ఉండేది" అన్నాడు బాబాయి. "రంగు వేసిన దగ్గర్నుంచీ నట్లు వదులవుతూనే ఉన్నాయి. అన్నయ్య లేవకముందే వచ్చి బిగించేవాణ్ణి. ఆ రోజు కూడా బిగించే తీశాను, కొండ దిగేసరికి మళ్ళీ వదులైనట్టున్నాయి."

నాన్న ఒక అడుగు ముందుకి వేశాడు. "మరి నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు.

"నాలుగు రోజులు కూర్చుని వేశావు అన్నయ్యా. అందరికీ పిలిచి చూపించావు. నీ పనికి వంక పెట్టినట్టు ఉంటుందని..."

"నేను అంత మాట అన్నప్పుడు కూడా?"

"అప్పుడు చెబితే ఎదురు చెప్పినట్టు ఉంటుందని."

నాన్న అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. ఒక్క మాట చెప్పుంటే ఆ చక్రం ఊడేది కాదు. ఆ మాట చెప్పడానికి తమ్ముడు భయపడేలా పదిహేనేళ్ళు తను ఎలా బతికాడో ఆయనకి ఇప్పుడే తెలిసినట్టుంది. కళ్ళు తుడుచుకుంటే బుగ్గకి గ్రీజు అంటింది. లారీ ఒకటి హారన్ కొట్టింది. బాబాయి వెళ్ళి కర్ర ఎత్తి, అది పోయాక దించి, తిరిగొచ్చి అన్న పక్కనే, కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"ఇంకేమేం చెప్పలేదు నాకు?" అన్నాడు నాన్న.

బాబాయి ఎందుకమ్మ వంక చూశాడు, ఆగి ఉన్న లారీల వంక చూశాడు, తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"బండి కొంచెం ఎడమకి లాగుతుంది అన్నయ్యా."

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళు దాటింది."

నాన్న బల్ల మీద పక్కకి జరిగి, తమ్ముడి వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"సరే" అన్నాడు. "మొదట్నుంచీ చెప్పు."