ప్రొఫెసర్ గారి ఐదు నిమిషాలు

రియాద్‌లోని ఆ పెద్దాసుపత్రి గుండె వార్డులో రెబెక్కా నర్సుగా చేరి తొమ్మిదేళ్లయింది. నరసాపురం అమ్మాయి. ఎందరో పెద్దమనుషులకు సెలైన్లు పెట్టింది గానీ, ఆ ఆదివారం ఏడో గదిలోకి వచ్చిన ప్రొఫెసర్ ఇస్సాక్ లాంటి రోగిని ఎప్పుడూ చూడలేదు. సూది గుచ్చిన ప్రతిసారీ ఆయన థాంక్స్ చెప్పేవాడు.

ఆయనది సముద్రానికి అవతలనున్న ఓ చిన్న దేశం. ఒక రేవు కోసం పొరుగుదేశంతో మూడేళ్లుగా కాల్పులు జరుగుతున్నాయి. రెండు పక్షాలనూ రియాద్‌లో ఒక హోటల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. ఆ చర్చల్లోనే ప్రొఫెసర్ గుండె పట్టుకుని కుర్చీలోంచి ఒరిగిపోయాడు. స్టెంట్ వేశారు. ప్రాణం నిలబడింది.

"మీరు మంత్రిగారా సార్?" అని మర్నాడు బీపీ చూస్తూ ఇంగ్లీషులో అడిగింది రెబెక్కా.

ఆయన నవ్వాడు. "మంత్రి వేరే ఉన్నాడమ్మా. ప్రసంగాలు ఆయన చదువుతాడు. ప్రెసిడెంట్ చెవిలో మాట వేసేది మేం ఇద్దరం, నేనూ కర్నల్ జోరామూ. నేను ప్రెసిడెంట్‌తో హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాణ్ణి. జోరామ్ ఆయన్ని ఒకసారి కాల్పుల్లోంచి భుజాన వేసుకుని బయటికి తెచ్చినవాడు. ఇద్దరిలో ఎవరి మాటా తీసెయ్యలేడు. మేం ఇద్దరం ఒక మాట మీదికి వచ్చేదాకా ఏదీ తేల్చడు."

"ఒక్కరే చెబితే?"

"ఒక్కరు చెప్పిందే దేశం మాట అయిపోతుంది."

ఆ మధ్యాహ్నం కర్నల్ చూడ్డానికి వచ్చాడు. పొడగరి, నలభై అయిదేళ్లుంటాయి. ప్రొఫెసర్ నుదుట ముద్దు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ బల్ల మీది ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

"డాక్టరు విశ్రాంతి అన్నారు. ఇది దగ్గరుంటే ఈయన పడుకోడు" అని రెబెక్కాతో మర్యాదగానే చెప్పాడు. ఇంట్లోవాళ్లు చేసే పనే కదా అనుకుంది రెబెక్కా.

తెల్లారేసరికి ప్రొఫెసర్ మొహం వాడిపోయింది. పళ్లెం ముట్టుకోలేదు.

"సిస్టర్, ఈరోజు నాలుగింటికి ప్రెసిడెంట్ తేలుస్తాడు. చర్చల్లో కొనసాగాలా, లేచి వచ్చెయ్యాలా అని. జోరామ్ లేచి వచ్చెయ్యమంటున్నాడు, నా మాట ఆయనకి అందడం లేదు. లేచి వచ్చేస్తే వారంలో పూర్తి యుద్ధమే. ఒక్కసారి మాట్లాడనివ్వండి" అన్నాడు. మానిటర్ మీద నాడి నూట పద్దెనిమిది కొడుతోంది.

రెబెక్కా వెళ్లి ఫైలు తీసింది. విశ్రాంతి అని రాసి ఉంది. ఫోన్ వద్దని ఎక్కడా లేదు.

"ఏంటే, ఆ ఫైలు అలా తిరగేత్తన్నావు?" అంది వార్డు సీనియర్ జాయ్సీ. ఆమెది అమలాపురం.

"ఆయన ఫోన్ ఆయనకిప్పించాలక్కా."

"మతిపోయిందేంటే నీకు? ఆళ్లు దేశాలేలేవోళ్లు. మనం ఇకామా కార్డు మీద, ఆళ్లుండనిత్తే బతికేవోళ్లం. ఒక్క కంప్లైంట్ చాలు, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపించేత్తారు."

"రాజకీయం నాకెందుకక్కా. నాడి చూడు. ఫోన్ తీసేసిన కాణ్ణుంచీ ఎక్కుతానే ఉంది. ఇలాగే ఉంటే మళ్లీ గుండె మీదికొత్తాది."

జాయ్సీ తెర మీది అంకె వంక కాసేపు చూసింది. "పెద్ద డాక్టరుగారికి చెప్పు. నీ అంతట నువ్వేం చెయ్యకు. ఎల్లు, నీ పేషెంట్లని నేను చూత్తాలే" అంది.

డాక్టరు వచ్చి చూశాడు. ప్రొఫెసర్‌తో రెండు మాటలు మాట్లాడి, ఫోన్ మాట్లాడొచ్చని ఫైల్లో రాశాడు. అయిదు నిమిషాలు. నర్సు పక్కనే ఉండాలి. నాడి నూట ముప్పై దాటితే ఆపెయ్యాలి.

మూడున్నరకి కర్నల్ బయట సందర్శకుల గదిలో ఉన్నాడు.

"సార్, పేషెంట్ ఫోన్ ఇవ్వాలి. డాక్టరుగారి ఆర్డరు."

కర్నల్ లేచి నిలబడ్డాడు. "మాట్లాడుతూ ప్రాణం పోతే?" అన్నాడు. కోప్పడతాడనుకుంది గానీ ఆ మాటలో భయమే వినిపించింది. "నాకు చదువు చెప్పిన మనిషి ఆయన. పోయిన నెల సరిహద్దులో మా తమ్ముడు చనిపోతే, శవపేటిక వెంట నాతోపాటు నడిచాడు. ఆయనే ఇప్పుడు శాంతి అంటే, నాకు వినబుద్ధి కావడం లేదు."

"మీరూ లోపలికి రండి సార్. మీ ముందే మాట్లాడతారు" అంది రెబెక్కా. అలా పిలిచే అధికారం తనకుందో లేదో ఆలోచించలేదు. కర్నల్ ఆమె వెంట వచ్చాడు.

కర్నల్ జేబులోంచి ఫోన్ తీసిచ్చాడు. ప్రెసిడెంట్‌కి కలిపి స్పీకర్లో పెట్టారు. వాళ్ల భాష రెబెక్కాకు ఒక్క ముక్క రాదు. మానిటర్ చూస్తూ నిలబడింది. నూట ఇరవై రెండు. నూట ఇరవై ఆరు. ప్రొఫెసర్ కాస్త మాట్లాడి ఆగి, ఫోన్ కర్నల్ వైపు జరిపాడు. కర్నల్ ఒక్కో మాటే కూడగట్టుకుని మాట్లాడాడు. మధ్యలో చొక్కా చేతి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. అయిదో నిమిషంలో రెబెక్కా చెయ్యెత్తింది. ఆపేశారు.

"ఏం చెప్పారు సార్?" అని ఉండబట్టలేక అడిగింది.

"సంధి చేసుకోమని చెప్పలేదమ్మా. జోరామ్ దుఃఖం చిన్నది కాదు, అతని మాటా విను, మేం ఇద్దరం నీ ముందు కూర్చునేదాకా ఏదీ తేల్చకు అన్నాను."

కర్నల్ కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. "చర్చల్లోంచి లేచి వచ్చేద్దామని చెప్పాలనే వచ్చాను. పది రోజులు ఆగుదామన్నాను" అన్నాడు.

అయిదు గంటలకి నాడి తొంభై నాలుగుకి దిగింది. ప్రొఫెసర్ సూప్ తాగి పడుకున్నాడు.

ఆ పది రోజులు కాస్తా నలభై రోజులయ్యాయి. రేవు గొడవ తెగలేదు గానీ కాల్పులు ఆగాయి, మొదటి విడత ఖైదీలు ఇళ్లకు చేరారు. వేసవి మొదట్లో కర్నల్ మళ్లీ రియాద్ వచ్చి, పొద్దున్నే వార్డుకొచ్చి రెబెక్కాను పలకరించాడు.

"ప్రొఫెసర్‌గారు ఎలా ఉన్నారు సార్?"

"గుండె బాగానే ఉంది. డాక్టర్ల మాట విని పదవి వదిలేశాడు. ఇప్పుడు రోజూ నాకే ఫోన్ చేసి గంటసేపు వాదిస్తాడు."

"మరి మీరు వింటారా?"

"సగం" అన్నాడు కర్నల్, నవ్వుతూ. పదకొండింటికి చర్చలున్నాయని బయల్దేరాడు.

ఆ సగంతో ఆ దేశానికి ఏం ఒరుగుతుందో రెబెక్కాకు తెలియదు. లిఫ్టు దాకా ఆయన వెంట నడిచింది.