మామయ్య మెదడు

మామగారు పోయి ఏడాది కావస్తున్నా కోడలి కంట చుక్క నీరు రాలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ, వాళ్లదేం పోయింది, మాటలు పడింది ఆమె.

ఆయన దర్జీ. పెళ్లయిన కొత్తలో సూదిలో దారం ఎక్కించడం కూడా రాని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె గుడ్డ పాడుచేసినప్పుడల్లా "పోనీలేమ్మా" అంటూ ఓపిగ్గా పని నేర్పాడు. అలాంటి మనిషి చివరి రెండేళ్లూ దారపు రీళ్లు కాజేస్తోందని, ఒట్టి దొంగ అని, బేరాలకొచ్చినవాళ్ల ముందే ఆమెను దుమ్మెత్తిపోశాడు. అన్నం పెడితే పళ్లెం విసిరికొట్టాడు. మెదడు జబ్బన్నారు డాక్టర్లు. జబ్బయితే మనిషిని మరిచిపోవాలి కదా? ఆయనకు ఆమె పేరుతో సహా అన్నీ గుర్తున్నాయి. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నదే ఇప్పుడు కక్కాడని ఆమె మనసు విరిగిపోయింది.

ఒంట్లో బాగున్న రోజుల్లోనే, తను పోయాక మెదడును పరిశోధనకు ఇమ్మని ఆయన చెప్పి ఉంచాడు. ఇప్పుడు ఆ పరిశోధన చేసినావిడ, తేలిందేమిటో చెబుతాను రమ్మంది. ఆస్పత్రి వాసన గిట్టని భర్త వరండాలోనే చతికిలబడ్డాడు. కోడలే లోపలికి వెళ్లింది.

మైక్రోస్కోపు కింద ఆవిడ మొదట ఆరోగ్యవంతుడి మెదడు ముక్క పెట్టింది. కణాలు కిక్కిరిసి ఉన్నాయి. తర్వాత మామగారిది, నుదుటి వెనక భాగం. పురుగు కొట్టేసిన ఉన్నిగుడ్డలా ఎక్కడ చూసినా ఖాళీలే. జ్ఞాపకాలకు సంబంధించిన భాగం మాత్రం చాలావరకు చెడలేదట. పేరు మరిచిపోనిది అందుకేనట.

కోడలు అడగాలనుకున్నది ఒక్కటే.

"నన్ను దొంగ అన్నది ఆయనా, జబ్బా?"

ఆవిడ తన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది. "మనసులో ఏముందో ఇందులో కనబడదండీ. కానీ ఎదుటి మనిషి నొచ్చుకుంటుందని తెలిసేదీ, నోటిని ఆపేదీ ఈ భాగమే. అదే పోయింది. లేనిపోని అనుమానాలూ ఈ జబ్బుతో వస్తాయి. ఇలాంటి ఇళ్లు చాలా చూశాను. అందరికంటే ఎక్కువ తిట్లు తినేది పక్కనుండి చూసుకునేవాళ్లే."

కోడలు మళ్లీ వంగి కన్ను ఆనించింది. ఆ ఖాళీలను తనివితీరా చూసింది. గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. పాపం, ఆయన అక్కడ లేనే లేడు.

ఆమె బయటికి రాగానే భర్త కంగారుగా లేచి, లోపల ఏమన్నారని అడిగాడు.

"మామయ్య పోయారండీ," అంది, అప్పుడే తెలిసినట్టు. వరండాలో జనం చూస్తున్నా లెక్కచేయక, అతని భుజం పట్టుకుని బావురుమంది.