మడతక్క చెయ్యి

కాలర్‌తో మొదలుపెట్టాలి. చాలామంది వీపుతో మొదలుపెట్టి, కాలర్ దగ్గరికొచ్చేసరికి ఆ వీపునే మళ్లీ నలిపేసుకుంటారు. మడతక్క ఎడమచేత్తో కాలర్ పరిచి, నాలుగు నీటిచుక్కలు చిలకరించి, ఇస్త్రీ పెట్టె దించింది. చుయ్యిమంటూ ఆవిరి లేచి కళ్లద్దాల మీద పేరుకుంది. ఆవిడ తుడుచుకోలేదు. కాలర్, భుజాలు, చేతులు, బొత్తాల పట్టీ, చివరికి వీపు. ముప్ఫై ఏళ్లుగా అదే వరస. కళ్లకు గంతలు కట్టినా చెయ్యి తన దారిన తాను పోతుంది.

అమ్మానాన్నా పెట్టిన పేరు ఆవిడకి ఒకటుంది. లాండ్రీ యజమానికే అది గుర్తులేదు. హోటల్ దుప్పట్లు తెచ్చే బండివాడి దగ్గర్నుంచి ఆఫీసు చొక్కాలిచ్చే పెద్దమనుషుల దాకా అందరికీ ఆవిడ మడతక్క. మనిషి సన్నం. చెయ్యి మాత్రం ఆ మనిషిది కాదు, ఎవరో పహిల్వాన్ దగ్గర అరువు తెచ్చినట్టుంటుంది. కుడి అరచేతి మొదలు గట్టిపడి కాయ కాసింది. మణికట్టు మీద కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని మరీ పాతవి. కొత్తగా పనిలోకొచ్చిన వాళ్లందరికీ ఆవిడ చెప్పే మాట ఒక్కటే: "వేడి, బరువు, ఓపిక. ఈ మూడింటికీ లొంగని ముడత ఇంకా పుట్టలేదు."

ఈవేళ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పైగా మధ్యాహ్నం కాకముందే యజమాని దుప్పట్ల దొంతర తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏంటి మడతక్కా, చేసినవా ఇవి, చెయ్యాల్సినవా? ముడతలన్నీ అలాగే ఉన్నాయి."

ఆవిడ చూసింది. నిజమే. పెట్టె దుప్పటి మీద నుంచి పోయిందంతే, ఒత్తలేదు. మూడు రోజులుగా ఆ చెయ్యి దేనిమీదా బరువు పెట్టడానికి ఒప్పుకోవడం లేదు.

"మళ్లీ చేస్తాను బాబూ," అంది.

"ఒంట్లో బాగోలేదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అంది. అది కూడా నిజమే. బాగోలేనిది తనకి కాదు.

జరిగిందేమిటంటే, కోడలికి నెల తిరగని పసిబిడ్డ. కొడుకు లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి, వారానికో పూట ఇంట్లో ఉంటే గొప్ప. అత్తా కోడళ్లు ఇద్దరే. అత్తాకోడళ్లంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్లిద్దరికీ బాగానే పొసిగింది. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ, ఈవిడ మాట్లాడేది ఎక్కువ, లెక్క సరిపోయింది. ఒకరోజు సాయంత్రం మడతక్క పనినుంచి వచ్చేసరికి కోడలు మంచం మీద ఓ పక్కకి ఒరిగి కూర్చుని ఉంది. కుడి రొమ్ములో గడ్డలా ఏదో తగులుతోందంది. బిడ్డ తాగినా అది కరగడం లేదట.

"పాలు గడ్డకట్టాయి, అంతే," అంది మడతక్క. "పొద్దున్నకి మాయం చేస్తాను చూడు."

ఇంట్లో పాత ఇస్త్రీ పెట్టె తీసి, మెత్తటి గుడ్డ నాలుగు మడతలు వేసి, ఆ గుడ్డని పెట్టెతో బాగా వేడిచేసింది. మోచేతికి తాకించి చూసుకుంది కూడా. కాలనివ్వలేదు, ఆపాటి తెలివి ఉంది. గుడ్డ వేసి, ఆ పైన అరచేతి మొదలు ఆనించి, గడ్డ దగ్గర్నుంచి కిందికి ఒత్తడం మొదలుపెట్టింది. వేడి, బరువు, ఓపిక.

"చాలత్తా," అంది కోడలు.

"ఇంకొంచెం."

"నొప్పిగా ఉందత్తా. చాలు."

"ఓర్చుకో తల్లీ. విడుతోంది, నాకు చేతికి తెలుస్తోంది."

చేతికి ఏమీ తెలియలేదు. ఆ మాట మడతక్కకి ఇప్పుడు తెలుసు. ఆ పిల్ల దిండు అంచు పళ్ల మధ్య పెట్టుకుంది. తను అది చూసింది. చూసి కూడా ఆపలేదు. మూడు రోజులుగా ఏ చొక్కా పరిచినా దాని మీద ఆ దిండు అంచే కనిపిస్తోంది.

ఎందుకు ఆపలేదంటే దానికో కథ ఉంది. మడతక్క తను కన్నప్పుడు ఇరవై రోజులకే ఈ బల్ల దగ్గరికి వచ్చేసింది. మొగుడు జబ్బుతో మంచాన పడ్డాడు, తప్పలేదు. బిడ్డ ఇంట్లో ఏడిస్తే పాలు ఇక్కడ కారేవి. కుడివైపు గడ్డ కట్టింది. చెప్పుకునే దిక్కులేక ఊరుకుంటే చీము పట్టింది, ఆస్పత్రిలో కోయాల్సి వచ్చింది. ఆ పక్కన మళ్లీ పాల చుక్క లేదు. కొడుకు ఒక్క వైపే తాగి పెరిగాడు. వాడు నడిచేటప్పుడు ఓ పక్కకి ఒరిగితే, "ఒంటిపాల వాడు కదా," అని చుట్టుపక్కల వాళ్లు నవ్వేవారు, ఈవిడా నవ్వేది. లోపల మాత్రం, నాకు ఎవరైనా ఒక్కరు చెయ్యి వేసి ఉంటే, అనుకునేది. ఆ చెయ్యి కోడలికి తను అవుదామనుకుంది. ప్రేమే. కాదనడానికి లేదు. కానీ అందులో సగం ప్రేమైతే మిగతా సగం, నా చెయ్యి పడితే ఏది లొంగదో చూస్తాననే గొప్ప. ఆ సగమే ఇప్పుడు గుచ్చుకుంటోంది.

తెల్లారేసరికి రొమ్ము కందిపోయి కాగుతోంది. పిల్లకి వణుకుతో జ్వరం. ఆస్పత్రిలో నర్సు చూసి మొహం చిట్లించింది.

"ఎవరమ్మా ఇలా పిసికింది? లోపల వాపు ఉంటే పైనుంచి నలిపేస్తారా? వేడి పెట్టారా కూడా?"

మడతక్క గుమ్మం దగ్గర బిడ్డని ఎత్తుకుని నిలబడి ఉంది. నోరు తెరిచింది. మళ్లీ మూసి, బిడ్డ తల మీద గుడ్డ సర్దింది.

"నేనేనండీ," అంది కోడలు. "తెలియక నొక్కుకున్నాను."

నర్సు ఇంకో రెండు చివాట్లు పెట్టి, మందులిచ్చి, చెప్పాల్సింది చెప్పింది. చల్లటి గుడ్డ వెయ్యాలి, బిగుతు బట్టలు వద్దు, పడుకోవాలి, బిడ్డ అడిగినప్పుడల్లా ఆ పక్కా ఈ పక్కా తాగనివ్వాలి, ఒత్తడం మాత్రం వద్దే వద్దు. కోడలు అన్నిటికీ తల ఊపింది. పడాల్సిన చివాట్లు పడాల్సిన మనిషికి పడలేదు. పడి ఉంటే ఆ రాత్రి మడతక్కకి నిద్ర పట్టేదేమో.

ఆ రోజు నుంచి ఆవిడ బిడ్డని ఎత్తుకోలేదు. వంట చేసింది, గుడ్డలు ఉతికింది, చల్లటి నీళ్లలో గుడ్డ పిండి మంచం పక్క స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగేది. కోడలే తీసి వేసుకునేది. జ్వరం దిగింది, గడ్డ కూడా కరగసాగింది. నిన్న ఫోనులో కొడుకన్నాడు: "కొన్నాళ్లు వాళ్లక్క దగ్గర ఉండి రానీ అమ్మా. నీకూ పని తగ్గుతుంది."

నీకూ పని తగ్గుతుందట. వాడికి అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ రాదు.

మధ్యాహ్నం సెలవు అడిగి మడతక్క ఇంటికి వెళ్లింది. కోడలి అక్క అప్పటికే వచ్చి ఉంది. బేకరీలో పనిచేసే మనిషి, ఒంటి నుంచి ఇంకా వెన్న వాసన వస్తోంది. లేచి ఎదురొచ్చింది.

"మీరు కూర్చోండి అత్తయ్యగారూ. పొద్దున్నుంచీ నిలబడే ఉంటారు. అన్నం నేను వడ్డిస్తాను."

వడ్డించింది. తిన్నాక కంచాలు కడిగింది. ఒక్క మాట తేడాగా అనలేదు. ఆ మర్యాద ఒక్కో ముద్దతో పాటు మింగుడుపడక మడతక్క నీళ్లు తాగింది. 'పాపం ఈ పెద్దమ్మాయికేమీ తెలియదు, తెలిస్తే నా చేతి నీళ్లు కూడా తాగదు,' అనుకుంది. తర్వాత తనే లేచి పసిబిడ్డ బట్టల మూట తెచ్చి మంచం మీద పెట్టింది. ఒక్కోటీ ఇస్త్రీ చేసి, నలిగితే పాపమన్నంత పొందిగ్గా మడిచినవి.

కోడలు గోడవైపు తిరిగి బిడ్డకి కుడివైపు పాలిస్తోంది. మొదట బిడ్డ నోరు పట్టినప్పుడు ఆ పిల్ల భుజం ఒక్కసారి బిగిసి, తర్వాత సడలింది. వెనకనుంచి ఆ సడలడం చూసి మడతక్క ఊపిరి వదిలింది. ఆ వైపు పాలు పోలేదు. అదొక్కటీ దక్కింది.

బస్టాండులో బస్సు ఇంకా కదలలేదు. డ్రైవర్ టీ తాగుతున్నాడు. అక్క సంచులు పైకి సర్దుతోంది. కోడలు కిటికీ పక్కన కూర్చుంది. మడతక్క బస్సెక్కి సీటు వెనక రాడ్ పట్టుకుని నిలబడింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"పెద్దమ్మాయ్," అంది. "నీ చెల్లెలు నొక్కుకోలేదు. నొక్కింది నేను. వద్దు వద్దంటున్నా వినలేదు."

అక్క సంచి సర్దడం ఆపలేదు. "తెలుసు అత్తయ్యగారూ," అంది. "ఆ రోజే ఫోన్ చేసి ఏడ్చింది. అందుకే వచ్చాను."

తెలిసే అన్నం వడ్డించింది. తెలిసే కూర్చోమంది.

కోడలు కిందికి చూస్తూ మాట్లాడింది. ఆ ఇంట్లో కాలుపెట్టిన తర్వాత అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదటిసారి.

"నీ మీద కోపం లేదత్తా. నిజంగా లేదు. నా మంచికే చేశావు, నాకు తెలుసు. కానీ నీ చెయ్యి దగ్గరికొస్తే నా ఒళ్లు బిగుసుకుపోతోంది. నువ్వు గుడ్డ పెట్టి పోతుంటే కూడా. వద్దనుకున్నా ఆగట్లేదు. నన్నేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యద్దు," అంది మడతక్క. "ఒళ్లు చెబితే వినాలి. నీ ఒళ్లు నాకూ చెప్పింది. నేనే వినలేదు. నన్ను క్షమించమని అడగను తల్లీ, అడిగితే సరేనంటావు నువ్వు. నీ గుణం నాకు తెలుసు."

కోడలు కళ్లు తుడుచుకుంది. తర్వాత ఒళ్లో బిడ్డని లేపి ముందుకు చాచింది. "పట్టుకో. మళ్లీ చాలా రోజులు."

మడతక్క మోచేతుల మీద తీసుకుంది. అరచేతులు రెండూ గాల్లోనే తెరిచి ఉంచింది, వేళ్లు ముడవలేదు. బిడ్డ ఆవిడ మొహంలోకి తీరిగ్గా చూసి, ఒక చిన్న తేన్పు తేన్చి, తాగిన పాలలో కాస్త మెడ కిందికి వదిలేసింది.

"తాగింది ఎక్కువైనట్టుంది దొరగారికి," అంది అక్క. అందరూ నవ్వారు, మడతక్క కూడా. అక్క మూటలోంచి ఇంకో చొక్కా తీసి, మడత విప్పి తొడిగింది. తడిసింది మడతక్క చేతిలో ఉండిపోయింది. డ్రైవర్ ఎక్కాడు.

"ఎప్పుడొస్తావు?" అని ఆవిడ మెట్టు మీదనుంచి అడిగింది.

"చూద్దాం అత్తా," అంది కోడలు. వస్తానని ఊరికే అనలేదు. ఆ పిల్లకీ అబద్ధం చేతకాదు, ఒక్క నర్సు ముందు తప్ప.

బస్సు మలుపు తిరిగింది. మడతక్క ఇంటికి పోలేదు. ఖాళీ మంచం చూసే ధైర్యం లేక లాండ్రీకి వెళ్లింది. పొద్దుటి దుప్పట్లు అలాగే ఉన్నాయి. ఒక్కోటీ పరిచి, గట్టిగా ఒత్తి, మడతలు పెట్టింది. దుప్పట్లకి నొప్పి లేదు కదా. యజమాని వచ్చి చూసి, "ఇదీ చెయ్యంటే," అని మెచ్చుకుని, తాళంచెవులు ఆవిడ పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

అన్నీ అయ్యాక, బిడ్డ తడిపిన చొక్కా తీసి బల్ల మీద పరిచింది. ఆరడుగుల బల్ల మీద అది ఓ మూలకి కూడా చాలదు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఇది బిడ్డకి పట్టదు. ఎడమచెయ్యి అలవాటు కొద్దీ కాలర్ కోసం వెతికింది, ఆ చొక్కాకి కాలర్ లేదు. కుడిచెయ్యి పెట్టె ఎత్తింది. కొంచెంసేపు ఎత్తే ఉంచింది. తర్వాత పక్కన నిలబెట్టి, స్విచ్ తీసి, దీపం ఆర్పి, తాళం వేసుకుని వెళ్లిపోయింది.

చల్లారుతున్న ఇస్త్రీ పెట్టె పక్కన ఆ చొక్కా, మెడ దగ్గర పాలమరకతో, దాని ముడతలతోనే ఆరుతోంది.