నల్లా దగ్గర చెప్పిన దిక్కు

ప్రభావతికి దిక్కులు తెలియవు. నాంపల్లిలో పుట్టి, ఈ గల్లీ నుంచి పక్క గల్లీకి కోడలుగా వెళ్ళి, నలభై ఏళ్ళుగా అదే గాలి పీలుస్తున్న మనిషికి తూర్పేదో పడమరేదో తెలియదంటే నవ్వొస్తుంది గానీ, నిజం. తెలియాల్సిన అవసరం ఏనాడొచ్చింది కనక? స్టేషన్ నుంచి సీదా వస్తే సోడా దుకాణం, సోడా దుకాణం కాడ మళ్ళితే కమాన్, ఆ తోరణం దాటితే ఇల్లు. దారి అడిగినవాళ్ళకు ఇప్పటికీ "గుర్రాల నాడాల దుకాణం కాడ మళ్ళున్రి" అనే చెబుతుంది. ఆ దుకాణం ఎత్తేసి సోడా దుకాణం పెట్టి చాలా ఏళ్ళయింది. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, తెలియనివాళ్ళు ఇంకొకరిని అడుగుతారు, అంతేగా!

ఆమె ఇంట్లో కిరాయికి దిగిన శ్రీరామమూర్తిది కోనసీమ. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్ళతో పాటు వచ్చిపడ్డ గుమాస్తాల్లో అతనొకడు. భార్య వరలక్ష్మికి తొలి కానుపు. పుట్టింట తల్లి లేదు పాపం. అందుకని పురుడు పోయడానికి అత్తగారు నాగరత్నమే దిగివచ్చింది. ఆవిడ వచ్చినప్పటి నుంచీ ఇంట్లో దిక్కుల గోల మొదలైంది. "ఆ చెంబు కాస్త తూర్పుకి జరపవే." "పడమటి గోడ మీద చీర ఆరేశాను, చినుకు పడితే తియ్యి." ఆఖరికి వీపు దురద పెట్టినా, "ఇంకొంచెం దక్షిణంగా గోకు" అనేది కోడలితో. మొదటిసారి విన్నప్పుడు ప్రభావతి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"అదేంది పెద్దమ్మా, కుడి ఎడమ అంటె చాలదా?"

"నీ కుడి నాకు ఎడమవుతుంది తల్లీ. తూర్పు అందరికీ తూర్పే," అంది ఆవిడ, అదేదో పసిపిల్లకు చెప్పినట్టు.

పుట్టబోయే బిడ్డకు మెత్తటి గుడ్డ కొనడానికి ఒకనాడు ఇద్దరూ ఆబిడ్స్ వెళ్ళారు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. ప్రభావతికి కొంటెతనం పుట్టి, "ఇయ్యాల సూర్యుడు లేడు గద, ఇప్పుడు చెప్పున్రి పెద్దమ్మా, పడమర ఎటు?" అని అడిగింది. నాగరత్నం నాలుగువైపులా చూసి, చౌరస్తా పక్క గల్లీలో ఉన్న చిన్న మసీదు వైపు చెయ్యి చూపించింది. "వాళ్ళు నమాజు చేసేది పడమటికి తిరిగే కదుటే. లోపల వరసల్లో నిలబడ్డవాళ్ళ మొహాలు ఎటుంటే అటే పడమర. మా పక్కూళ్ళోనూ అంతే, ఇక్కడా అంతే." ఆ మసీదు ముందు నుంచి ప్రభావతి పుట్టిన్నాటి నుంచీ నడుస్తోంది. ఆ సంగతి ఎప్పుడూ పట్టలేదు. 'ముసలామెకు అన్నీ కావాలె' అనుకుని ఊరుకుంది.

ఆషాఢంలో ఒక రోజు తెల్లవారుతూనే వరలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. శ్రీరామమూర్తి ఆమెను రిక్షాలో సుల్తాన్ బజార్ దవాఖానకు తీసుకుపోయాడు. రిక్షా కదిలేముందు ఆ పిల్ల అత్తగారి చెయ్యి వదల్లేదు. "మీరు పక్కన లేకపోతే నేను భయంతోనే చచ్చిపోతాను అత్తయ్యా, తొందరగా రండి," అని ఏడ్చింది. నాగరత్నం మడితో వంట ముగించి, మరచెంబు నిండా జీలకర్ర కషాయం పోసుకుని బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది. రిక్షా ఎక్కదు ఆవిడ. మనిషి లాగే బండి ఎక్కితే పాపమట. నడిచే వెళ్ళాలి.

సరిగ్గా అప్పుడే నల్లా వచ్చింది. రెండు రోజులుగా చుక్క లేదు. గల్లీలోని బిందెలన్నీ ఒక్కసారి పరుగెత్తుకొచ్చాయి.

"జర ఆగున్రి పెద్దమ్మా, నాలుగు బిందెలు పట్టుకుని నేను గూడ వస్త," అంది ప్రభావతి.

"ఆగలేనమ్మా, అది నాకోసం కళ్ళు కాయలు కాచేట్టు చూస్తుంటుంది. దారి చెప్పు, నే పోతాను."

"ఈడికెల్లి సీదా పోన్రి. ఆబిడ్స్ చౌరస్తా వస్తది. ఆడ ఇట్ల మళ్ళి పోతే సుల్తాన్ బజార్."

"ఇట్లా అంటే ఎట్లా? దిక్కు చెప్పు."

వెనక నుంచి పక్కింటి యాదవ్వ అప్పటికే తన బిందె ముందుకు తోస్తోంది. "ఏందమ్మా, ముచ్చట్లు పెట్టుకుంటె నల్లా బందయితది!" అని అరుస్తోంది. ప్రభావతికి ఒళ్ళు మండిపోయింది. ఒక చేత్తో యాదవ్వ బిందెను ఆపుతూ, "ఉత్తరం! ఉత్తరానికి మళ్ళున్రి!" అనేసింది. ఆ మాటే ఎందుకు వచ్చిందంటే ఏం చెబుతుంది? నోటికి అందింది, అంతే. నాగరత్నం తల ఊపి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మరచెంబు గుండెకు ఆనించుకుని వెళ్ళిపోయింది.

చాలాసేపటికి శ్రీరామమూర్తి రొప్పుకుంటూ వచ్చాడు. "అమ్మ ఏదండీ? అక్కడ వరలక్ష్మి ఒకటే కలవరింత, అత్తయ్య అత్తయ్య అని."

"ఎప్పుడో పోయిన్రు గద!" అంది ప్రభావతి.

అతని మొహం పాలిపోయింది. "దారి చెప్పారా?"

"చెప్పిన. సీదా పోయి చౌరస్తా కాడ మళ్ళమన్న." ఆ ముక్క వరకే చెప్పింది. ఉత్తరమన్న మాట దాటేసింది.

అతను స్టేషన్ వైపు వెతుకుతానని పరుగెత్తాడు. ప్రభావతి చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా ఆబిడ్స్ దారి పట్టింది. ఉన్నట్టుండి ఊరు పెద్దదైపోయినట్టనిపించింది. రోజూ చూసే బస్సులే, ఆ బస్సులు ఎంత వేగంగా పోతున్నాయో ఆరోజే చూసింది. ముతక తెల్లచీర, చేతిలో ఇత్తడి మరచెంబు, ఉర్దూ ముక్క రాని డెబ్బయ్యేళ్ళ మనిషి. ఎవరైనా చూసిన్రా? సోడా దుకాణంలో అడిగింది. పూల బండి దగ్గర అడిగింది. చౌరస్తా దాటి సుల్తాన్ బజార్ దారిలో గాజుల దుకాణాలు, గుడ్డల దుకాణాలు ఒక్కటీ వదలకుండా తెలుగులో కొందరిని, ఉర్దూలో కొందరిని అడిగింది. ఎవరూ చూడలేదు. దవాఖాన గేటు దాకా పోయింది. అక్కడి ఆయా, "ఆ పిల్లకు ఇంకా కాలేదమ్మా, అత్తను పిలుస్తనే ఉంది. ఆమె రానేలేదు," అంది.

ప్రభావతికి లోపలికి వెళ్ళి ఆ పిల్లకు మొహం చూపించే ధైర్యం లేకపోయింది. మళ్ళీ చౌరస్తాకు పరుగులాంటి నడకతో వచ్చిపడింది.

అప్పుడు తట్టింది. తను వెతికింది తను పోయే దారిలో. ఆవిడ పోయింది తను చెప్పిన దారిలో! ఆవిడ దిక్కు అడిగింది, తను ఉత్తరమంది. దేవుడు దిగివచ్చి చెప్పినా ఆవిడ ఇంక తప్పుకోదు. మరి ఉత్తరం ఎటు? ప్రభావతి పైకి చూసింది. మబ్బు. ముందుకు చూసింది, వెనక్కి చూసింది. అన్ని దుకాణాలూ తెలిసినవే. ఏ దుకాణమూ ఏ దిక్కో చెప్పదు. ఛీ, ఏం బతుకు ఇది, సొంత ఊళ్ళో ఉత్తరం తెలియని బతుకు అని తన్ను తాను తిట్టుకుంది.

మసీదు గుర్తొచ్చింది. గల్లీలోకి మళ్ళింది. సాయంత్రపు నమాజు వేళ. తలుపు తెరిచి ఉంది. లోపల వరసల్లో నిలబడ్డవాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి. వాళ్ళు చూస్తున్నది పడమర. తనూ అటే తిరిగి నిలబడింది. పడమటికి తిరిగితే కుడిచెయ్యి ఉత్తరం, ఆ మాత్రం బళ్ళో చెప్పింది గుర్తుంది. గల్లీ మధ్యలో కుడిచెయ్యి చాచి నిలబడ్డ ఆడమనిషిని చూసి సైకిలు మీద పోతున్న ఒకాయన చక్రం తిప్పేసుకున్నాడు. ప్రభావతి అటు చూడలేదు. ఆమె చెయ్యి ఫతే మైదాన్ పోయే సడక్ వైపు ఉంది. సుల్తాన్ బజార్ పోయే దారి అది కానే కాదు.

ఆ సడక్ ఎక్కడికి పోతుందో మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఫతే మైదాన్, బషీర్‌బాగ్, ఇంకా సీదా పోతే ట్యాంక్‌బండ్. అటు నీళ్ళు. హుస్సేన్‌సాగర్ నిండా వానాకాలపు నీళ్ళు.

రిక్షా పిలిచింది. బేరం ఆడలేదు. "జల్దీ భాయ్, జర జల్దీ," అంటూ దారి పొడుగునా ముందుకు వంగే కూర్చుంది. ట్యాంక్‌బండ్ ఎక్కగానే కటకటాల దగ్గర జనం గుంపుగా కనిపించారు. అందరూ కిందికి వంగి ఏదో చూస్తున్నారు. ప్రభావతి రిక్షా ఆగకముందే దూకి, జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయింది. ఒకతను నేల మీద కుంపటి పెట్టుకుని మొక్కజొన్న కంకులు కాలుస్తున్నాడు. అంతే! పక్కనున్నామె, "లైన్ల రావమ్మా," అని కసిరింది.

నాగరత్నం మరికొంత దూరంలో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. మరచెంబు ఒళ్ళో ఉంది. పాదాలు వాచిపోయి ఉన్నాయి. ప్రభావతి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది.

"వచ్చావా తల్లీ," అంది నాగరత్నం. గొంతు ఎండిపోయి ఉంది. "ఉత్తరానికే వచ్చానమ్మా. ఎంతకీ ఆసుపత్రి రాదు. నేనే ఎక్కడో తప్పానేమోనని వెనక్కి పోయి, ఆ మసీదు చూసుకుని మళ్ళీ బయల్దేరాను. దిక్కు సరిగ్గానే ఉంది. అడుగుదామంటే ఎవరికీ నా మాట అందలేదు. ఇక్కడికొచ్చాక నీళ్ళు అడ్డమొచ్చాయి, లేకపోతే ఇంకా పోయేదాన్నే."

"తప్పు దారని మీకు అనుమానం రాలేదా పెద్దమ్మా?"

"వచ్చింది. కానీ నువ్వు ఈ ఊళ్ళో పుట్టినదానివి. నీకు తెలియదా అనుకున్నాను."

ప్రభావతిని చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆవిడను లేవదీసి, "ఇయ్యాలటికి ఆ పాపం నాది, ఎక్కున్రి," అని రిక్షా ఎక్కించింది. దారిలో రెండు మూడుసార్లు చెప్పాలని నోరు తెరిచింది. నాగరత్నం మాత్రం, "దానికెలా ఉందో, దానికెలా ఉందో," అనుకుంటూ దేవుళ్ళందరినీ పిలుస్తోంది.

దవాఖాన చేరేసరికి దీపాలు వెలిగించారు. వరలక్ష్మికి ఆడపిల్ల పుట్టి కొంతసేపయింది. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ మాట విని ప్రభావతికి ప్రాణం లేచొచ్చింది గానీ, వరలక్ష్మి మొహం చూశాక మళ్ళీ కుంగిపోయింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "ఎక్కడికి వెళ్ళిపోయారు అత్తయ్యా? ఎంత పిలిచానో," అంది. నాగరత్నం చల్లారిపోయిన కషాయాన్ని పక్కన పెట్టి, కోడలి తల నిమిరింది.

శ్రీరామమూర్తి స్టేషనూ చుట్టుపక్కల గల్లీలూ వెతికి అప్పుడే తిరిగొచ్చాడు. భయమంతా కోపమైంది అతనికి. "ఏమైపోయావమ్మా? ఎక్కడెక్కడ వెతికానో తెలుసా?"

"ఏం లేదురా. చెరువు చూద్దామనిపించి అటు వెళ్ళాను."

"చెరువా? ఇది పురిటి నొప్పులు పడుతుంటే నీకు చెరువు చూడబుద్ధేసిందా? నీకేమైనా మతి ఉందా అసలు?" వార్డులో అందరూ ఇటు తిరిగారు. నాగరత్నం తలవంచుకుంది. ప్రభావతి వైపు ఒక్కసారైనా చూడలేదు. వరలక్ష్మి చెయ్యి మెల్లగా అత్తగారి చేతిలోంచి జారిపోయింది.

అది చూశాక ప్రభావతి ఇంక ఆగలేకపోయింది.

"మూర్తిగారూ, ఆమెను అనకున్రి. పెద్దమ్మ చెరువు చూస్తందుకు పోలే. దిక్కు అడిగితే నేనే ఉత్తరమని చెప్పిన. నల్లా కాడ బిందె కోసం కొట్లాడుకుంట, నోటికొచ్చింది చెప్పిన. నాకు దిక్కులు తెల్వవు. గీ ఊళ్ళనే పుట్టిన, గాని తెల్వవు."

శ్రీరామమూర్తి ఏదో అనబోయి, తల్లి వాచిన పాదాలు చూసి, నేల మీద కూర్చుండిపోయాడు. వరలక్ష్మి మళ్ళీ అత్తగారి చెయ్యి పట్టుకుంది.

నాగరత్నం నిట్టూర్చింది. "తెలియదన్న ఆ ఒక్క ముక్కా మధ్యాహ్నమే అనేస్తే ఎంత బాగుండేదే అమ్మాయీ. ఆ యాదవ్వనైనా అడిగి వెళ్ళేదాన్ని. నా మనవరాలు నా చేతుల్లో పడేది." ఆవిడ గొంతులో కోపం లేదు. ఏడుపు మాత్రం ఉంది. ప్రభావతి నిలబడి ఆ మాట పడింది.

కాసేపటికి నాగరత్నం కళ్ళు తుడుచుకుని, బిడ్డను రెండు చేతుల్లోకీ తీసుకుంది. మొహం వైపు చాలాసేపు చూసింది. తర్వాత వార్డు నాలుగు గోడలూ చూసింది. కిటికీ బయట చీకటి.

"తల తూర్పుకి పెట్టి పడుకోబెట్టాలి దీన్ని. ప్రభావతీ, ఇక్కడ తూర్పు ఎటమ్మా?"

ప్రభావతి గోడల వంక చూడలేదు. చెయ్యి ఎటూ చూపించలేదు.

"తెల్వది పెద్దమ్మా. ఉండున్రి, అడిగొస్త," అని బయటికి నడిచింది.